చవితినాడు నాలో పోసిన పాలు

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. ఫ్యాక్టరీలో కరిగించి అచ్చులో పోస్తే నిమిషంలో పుట్టాను. తొమ్మిది నెలలు మోసే ఓపిక మావాళ్లకి లేదు లెండి. పుట్టగానే నామీద ఒక చీటీ అతికించారు, చెప్పులు పెట్టుకోవచ్చు, చీరలు పెట్టుకోవచ్చు, చిరుతిళ్లు పెట్టుకోవచ్చు అని. నేను మాత్రం చిరుతిళ్లకే ఆశపడ్డాను. కడుపునిండా జంతికలు, వాసన పట్టి చుట్టూ తిరిగే పిల్లలు... బతుకంటే అదీ అనుకున్నాను.

బేగంబజారులో ఒక కొట్టు చూరుకి వేలాడుతూ ఆరు నెలలు దుమ్ము తిన్నాను. అప్పుడు చైత్ర అనే అమ్మాయి వచ్చింది. నన్ను దింపించి, మూత పదిసార్లు పెట్టి తీసి, ఎక్కడైనా సందు ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. చీమల భయం కాబోలు, మిఠాయికే అని నేను పొంగిపోయాను. ఆవిడ భయమంతా లోపలిది బయటికి పోతుందేమోనని. ఆ సంగతి ఇంటికి వెళ్లాక గాని తెలియలేదు.

ఇంట్లో మేకు ఎర్రగా కాల్చి నా పక్కలకీ మూతకీ వరసగా కన్నాలు పొడిచింది. అడుగున కాగితం పరిచి, బుల్లి గిన్నెలో నీళ్లు పెట్టి, ఒక కొబ్బరిచిప్ప బోర్లించింది. ఆ తర్వాత నాలోకి దింపింది చూడండీ, జానెడున్నర పొడవు, పెన్సిలంత లావు, నారింజ రంగు పాముపిల్ల! విషం లేని విదేశీ జాతి, కాగితాలన్నీ సక్రమం. రోజంతా చుట్టచుట్టుకుని పడుకుంటుందని దానికి జిలేబి అని పేరు పెట్టారు. మొత్తానికి నాకు మిఠాయే దక్కింది!

పాముపిల్లకి ఒంట్లో సొంత వేడి ఉండదట. అందుకని బల్లమీద ఒక వేడిపట్టీ పరిచి, నాలో మూడోవంతు మాత్రం దానిమీద ఉండేలా కూర్చోబెట్టింది చైత్ర. చలేస్తే జిలేబి ఇటొస్తుంది, వేడెక్కితే అటు పోతుంది. మనుషులకా తెలివేదీ? ఉన్నచోటే కూర్చుని ఉక్కపోతని తిట్టుకుంటారు. పట్టీకీ నాకూ మధ్య ఒక సన్నని తీగ, దాని చివర బియ్యపుగింజంత సెన్సర్. అది వేడిని పసిగట్టి, చాలనుకుంటే కరెంటు ఆపుతుంది. మా కాపురమంతా ఆ గింజ మీదే నడిచేది.

జిలేబి మూడు వారాలుగా తిండి ముట్టలేదు. గడ్డకట్టించి అమ్మే చిట్టెలుక పిల్లని గోరువెచ్చ చేసి ముందు పెడితే మొహం తిప్పేసేది. వేడి తగ్గితే అరగదు, అరగకపోతే తినదు, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే దక్కదని చైత్ర భర్తతో అనడం నేను విన్నాను. నాకూ బెంగ పట్టుకుంది. డబ్బాకి బెంగేమిటంటారా? ఖాళీ అవుతానన్న బెంగ డబ్బాకి కాక ఎవరికుంటుంది?

ఆ ఇంట్లో చైత్ర అత్తగారు వర్ధనమ్మగారు ఉండేవారు. కాకినాడ దగ్గర పల్లెటూరి మనిషి, ఉల్లిపాయ కూడా ముట్టని నిష్ఠ. పెళ్లయి వచ్చిన కోడలు ఇంట్లో పాముని పెంచడం ఆవిడ కనీవినీ ఎరుగరు. మా గదివైపు తొంగి చూసిన పాపాన పోలేదు.

అంతలో కార్తీకంలో నాగుల చవితి వచ్చింది. ఊళ్లో అయితే చేనుగట్టున పుట్ట ఉండేది. ఇక్కడ ఎక్కడో ఉన్న ఒక్క పుట్టకీ మైలు పొడవు వరస. మోకాళ్ల నొప్పులతో నిలబడలేరు. కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్లాక ఆవిడకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాగేంద్రుడు ఇంట్లోనే ఉండగా వీధిన పడటమెందుకు?

తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, పాలగ్లాసు, చిమ్మిలి, చలిమిడి పట్టుకుని వచ్చారు. నాకు పసుపు రాసి బొట్లు పెట్టారు. అబద్ధమెందుకూ, గర్వంగానే అనిపించింది. మూత తీసే ధైర్యం లేక, కళ్లు మూసుకుని కన్నాల్లోంచే పాలు పోసేశారు. పాముకి పాలు పోయడమంటూ మీకు సామెతలున్నాయి గాని, అది తాగదండీ బాబూ! కాగితం తడిసి ముద్దయింది. జిలేబి గబగబా కొబ్బరిచిప్ప ఎక్కింది.

పాలు బల్లమీదికీ కారాయి. శుభ్రమంటే ప్రాణం కదా, ఆవిడ నన్ను పక్కకి జరిపి పట్టీ తుడిచారు. తడిలో వైరుంటే షాకు కొడుతుందని, ఆ సన్నతీగ కొసని నా కిందనుంచి లాగేసి, చక్కగా చుట్టి, కిటికీ ఊచకి తగిలించారు. నన్ను మళ్లీ పట్టీ మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయారు.

కిటికీలో చలిగాలి తగిలిన గింజ చలి చలి అని మొరపెట్టింది. పట్టీ మండటం మొదలెట్టింది, ఆపేవాడు లేడు. నా అడుగు మెత్తబడి ఉబ్బింది. జిలేబి చల్లని మూలకి పోయింది. కాసేపటికి ఆ మూలా కాగింది. ముక్కు ఒక కన్నానికి ఆనించి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. అరవడానికి నాకు నోరెక్కడిది?

మమ్మల్ని కాపాడింది వర్ధనమ్మగారి ముక్కే. పాలు మాడిన వాసన వచ్చేసరికి పూజ మధ్యలో వంటింట్లోకి పరిగెత్తారు. పొయ్యి ఆర్పే ఉంది. వాసన పట్టుకుని మా గదికి వచ్చి, జిలేబిని చూసి, కోడలికి ఫోన్ చేశారు. చైత్ర ముందు ప్లగ్గు తీయించింది.

"ఇప్పుడు మూత తీసి, దాన్ని చేతిలోకి తీసుకోండి అత్తయ్యగారూ."

"నా వల్ల కాదమ్మా."

"నేనొచ్చేసరికి ముప్పావుగంట. మీరు తీయకపోతే అది బతకదు."

నా మూత క్లిప్పులు ఒక్కొక్కటే తీశారు. ఒక చెయ్యి చీరకొంగులో బిగించి, రెండో చెయ్యి లోపల పెట్టారు. జిలేబి ఆ చల్లని అరచేతిలోకి పాకి, గాజుల మధ్య దూరిపోయింది.

చైత్ర వచ్చేసరికి ఆవిడ కుర్చీలో చెయ్యి చాపి, బొమ్మలా కూర్చుని ఉన్నారు.

"పాలు నేనే పోశాను. వైరు పీకిందీ నేనే. తిట్టుకో," అన్నారు.

చైత్రకి కోపం వచ్చింది, మొహంలో కనిపించింది కూడా. కానీ అడిగింది వేరు.

"ఇంతసేపూ ఇలాగే కూర్చున్నారా?"

"కదిల్తే జడుసుకుంటుందేమోనని."

అడుగు వంకరపోయిన నేను వేడిపట్టీకి పనికిరానన్నారు. జిలేబికి కొత్త డబ్బా వచ్చింది. నన్ను పాతసామాన్లవాడు వచ్చేదాకా అటకమీద పెట్టారు. అక్కణ్ణించి గదంతా కనిపిస్తుంది.

చవితి ఉపవాసం మర్నాటితో తీరాలి. వర్ధనమ్మగారు తీర్చలేదు. ఆ పసిది తినేదాకా తనకీ అన్నం వద్దని మొక్కుకున్నారట. పళ్లూ పాలతో నెట్టుకొచ్చారు. కొడుకు బతిమాలాడు, కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. మొండిఘటం, వినలేదు. తొమ్మిదోనాడు చైత్ర చేతిలోంచి పట్టకారు తనే తీసుకున్నారు. ఉల్లిపాయ ముట్టని మనిషి, మొహం పక్కకి తిప్పుకుని, ఎలుకపిల్లని జిలేబి ముందు పట్టుకున్నారు. ఎంతసేపని! చివరికి అది చటుక్కున కరిచి, చుట్టేసి, నిదానంగా మింగింది.

ఆవిడ చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి, కంచంలో పెరుగన్నం పెట్టమని కోడలిని అడిగారు. కొత్త డబ్బా పక్కనే నేలమీద చతికిలబడి, మెతుకు మిగల్చకుండా తిన్నారు.