మహిళా విభాగం సంతకం

వరుసగా మూడో వారం కూడా ఆయన ప్యాంటు వెనక నీలిరంగు లేదు.

ఆదివారం పొద్దున్నే బట్టలు నానబెట్టబోతూ ఆమె ఆ ప్యాంటుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి, తిరగేసి, కుట్ల దగ్గర కూడా వేళ్లతో విడదీసి చూసింది. మచ్చుకైనా లేదు. ఊళ్లో ఫుట్‌బాల్ మైదానం తూర్పు గ్యాలరీ బల్లలకి కౌన్సిల్ వాళ్లు ఏటా వేయించే నీలిరంగు ఎంత నాసిరకమంటే, ఆరు నెలల తర్వాత కూడా కూర్చున్నవాడికల్లా అంటుకుంటుంది. శనివారం ఆట వదిలాక వీధిలో నడిచే మగాళ్లని వెనకనించి చూస్తే చాలు, ఎవరు మ్యాచ్‌కి వెళ్లొచ్చారో ఎవరు వెళ్లొచ్చామని కోస్తున్నారో తెలిసిపోతుంది. పదకొండేళ్లుగా ఆమె ఆ రంగుతో కుస్తీ పడుతోంది. "అది మరక కాదే, అభిమానం" అని ఆయన నవ్వేవాడు. అభిమానం ఆయనది, తోముడు ఆమెది. ఇప్పుడు ఆ తోముడు తప్పినందుకు సంతోషించాలి నిజానికి. ఆమె మాత్రం ప్యాంటుని ఇంకోసారి తిరగేసింది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అంది అత్తగారు కుర్చీలోంచి.

"మరక, అత్తయ్యా."

"దొరికిందా?"

"దొరకలేదు. అదే నా అనుమానం."

అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుంది. "మా రోజుల్లో మరక దొరికితే అనుమానించేవాళ్లం. ఇంతకీ ఎవరే అది?"

"ఎవరూ కాదు. ఆయన తూర్పు గ్యాలరీలో కూర్చోవటం లేదు. అంతే."

"ఓస్, అంతేనా" అని పెద్దావిడ నిరాశగా మళ్లీ వెనక్కి జారగిలబడింది.

అంతేనా అని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. ఆయన క్లబ్బు అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. వీధంతా పేరు మరిచిపోయి ప్రెసిడెంటుగారు అనే పిలుస్తుంది. ఆ పదవి ఆ బల్లల మీదే పుట్టింది. ఎండకి ఎండి వానకి తడిసి అరిచేవాడే అభిమాని, మెత్తటి కుర్చీల బాక్సులో కూర్చునేవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడు అని ఆయన ఎన్ని సభల్లో చెప్పాడో. అలాంటి మనిషి ప్యాంటు ఇంత తెల్లగా ఇంటికొస్తోందంటే ఏదో ఉంది.

ఆమెకి అనుమానం వృత్తి. మైదానానికి రెండు వీధుల అవతల ఉన్న పెద్ద లాండ్రీలో, బట్టలు మిషన్లో పడకముందు వాటిని వేరుచేసి మరకలు చూసే బల్ల దగ్గర పని. ఏ మరకనీ చూడగానే నమ్మకూడదు, ముందు అదేమిటో తేల్చుకోవాలి, నెత్తురు మీద వేడినీళ్లు పోస్తే ఇక జన్మలో వదలదు అని చేరిన మొదటిరోజే సూపర్‌వైజరు చెప్పింది. అప్పటినించీ ఆమె ఇంట్లోనూ బయటా తొందరపడి వేడినీళ్లు పోయదు.

సోమవారం సోమవారం క్లబ్బువాళ్ల బట్టలు నాలుగు సంచుల్లో ఆ బల్ల మీదికే వస్తాయి. శనివారం వంటింట్లోంచి సగం సగం చూసిన ఆట సోమవారం ఆమెకి పూర్తిగా కనిపిస్తుంది. నాలుగో నంబరు జెర్సీ చంక దగ్గర పిగిలిందంటే ఎదుటి జట్టువాళ్లు అతన్ని లాగితేగాని ఆపలేకపోయారన్నమాట. ఎడమవైపు డిఫెండరు నిక్కరుకి కుడిపక్కే బురద ఉందంటే ఎడమ కాలు మీద బరువు వేసి పడటానికి జంకుతున్నాడు, దెబ్బ దాస్తున్నాడు. ఇక పొరుగుదేశం నించి తెప్పించిన ఇరవైరెండో నంబరు ఉన్నాడు, ఊళ్లో ప్రతి గోడ మీదా వాడి బొమ్మే. వాడి బట్టలు ఉతక్కుండా మడతపెట్టి పంపినా ఎవరూ కనిపెట్టలేరు. మైదానంలో పడినా లేచినా పరుగెత్తినా కాస్త మట్టి అంటాలి కదా. బెంచీ మీద కూర్చోబెట్టిన ముప్ఫయ్యో నంబరు కుర్రాడు ఆడిన పది నిమిషాలకే అరకిలో బురద మోసుకొచ్చాడు. వాణ్ణి మొదటినించీ ఆడించాలని ఆమె అభిప్రాయం. కోచ్ గెలవడానికి కాక ఓడిపోకుండా ఉండటానికి ఆడిస్తున్నాడని, ఆ భయం వల్లే ఆఖరి పావుగంటలో గోల్స్ పడుతున్నాయని కూడా ఆమె అభిప్రాయం.

ఇవన్నీ ఆమె మంగళవారం కూరగాయలు తరుగుతూ చెబుతుంది. ఆయన పేపరు చూస్తూ ఊ కొడతాడు. బుధవారం సాయంత్రం ఆరింటికి ఊరి రేడియోలో 'అభిమాని గొంతు' అనే కార్యక్రమంలో అవే మాటలు ఆయన గొంతులో వస్తాయి. డిఫెండరు దెబ్బ దాస్తున్నాడని ఆయన చెప్పిన మర్నాడే క్లబ్బు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎలా పసిగట్టారండీ అని అడిగితే "చూసే కళ్లుండాలి" అన్నాడట. ఆ కళ్లు అప్పుడు స్టవ్ మీద పొంగుతున్న పాలని చూస్తున్నాయి. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితుల ముందు ఆమె కోచ్ గురించి ఏదో అనబోతే, ఆయన పళ్లెం ముందుకి జరిపి, "ఆట గురించి నీకేం తెలుసు, ముందు కూర వడ్డించు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్విందో ఇప్పటికీ ఆమెకి అంతుపట్టదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టే అడిగింది, నిన్న ఎక్కడ కూర్చున్నారని. ఎప్పటిలాగే తూర్పు గ్యాలరీలో అని, గొంతు పోయేలా అరిచామని, ఎండ మాడ్చేసిందని చెప్పాడు. గొంతు బాగానే ఉంది. మెడ మీద ఎండ కమిలిన జాడ కూడా లేదు. ఆమె ఇంకో గరిటె వడ్డించింది.

ఆయన నిద్రపోయాక టీవీలో మ్యాచ్ మళ్లీ వేశారు. శబ్దం తగ్గించి, ఇస్త్రీ చేసుకుంటూ చూసింది. నలభయ్యో నిమిషంలో మనవాళ్లు గోల్ వేశారు. కెమెరా ఒక్క క్షణం బాక్సు వైపు తిరిగింది. మధ్యలో వార్డు కౌన్సిలరు. పక్కన ఎర్ర దిండు కుర్చీలో, చేతిలో టీ కప్పుతో, ఆయన. అది కాదు ఆమెని కలవరపెట్టింది. గోల్ పడినప్పుడు ఆయన చూపు మైదానం వైపు లేదు. కౌన్సిలరు మొహం చూస్తున్నాడు. కౌన్సిలరు చప్పట్లు మొదలుపెట్టాక కప్పు కింద పెట్టి తనూ కొట్టాడు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె గోడకున్న దేవుడి పటం కేసి చూసింది. రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని దణ్ణం పెట్టుకుంటుంది, ఆయన పేరే ముందు చెబుతుంది. కట్టుకున్నవాణ్ణి అనుమానించడం పాపమా స్వామీ అని అడిగింది మనసులో. అబద్ధం చెప్పడం పాపమైతే, ఆ అబద్ధాన్ని కనిపెట్టడం కూడా పాపమే ఎలా అవుతుంది. పటం ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉంది.

సాయంత్రం ఆయనే కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. టైపు చేసి ఉంది. కింద 'కన్వీనర్, మహిళా అభిమానుల విభాగం' అని, పైన సంతకానికి ఖాళీ. రెండేళ్ల కింద ఏదో సభలో ఆడవాళ్లు లేరని ఎవరో వంక పెడితే ఆమెని పిలిచి ఫొటో తీసి కన్వీనరు చేశారు. ఆ తర్వాత ఆ విభాగానికి పని పడలేదు. ఇదే మొదటిది.

పాత మైదానం కొట్టేసి అక్కడ దుకాణాల భవనం కట్టాలనీ, ఊరి చివర బైపాస్ అవతల కొత్త స్టేడియం కట్టాలనీ కౌన్సిల్ తలపెట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. మొన్నటిదాకా ఆయన మా శవాల మీదే కట్టాలి అన్నవాడు. బుధవారం అయిదింటిలోపు వార్డు ఆఫీసులో అభిప్రాయాలు ఇవ్వాలి, సోమవారం కౌన్సిల్లో ఓటు. సంఘం అనుకూలంగా రాసిందని, మహిళల నించి కూడా ఒకటుంటే బరువుగా ఉంటుందని కౌన్సిలరు అన్నాడట.

"మీరు వద్దన్నారు కదా మొన్నటిదాకా?"

"అప్పుడు వేరు. వచ్చే ఎన్నికల్లో ఈ వార్డు సీటు నాకే ఇప్పిస్తానన్నాడు కౌన్సిలరు. నోరు జారకు" అని, తలుపు కేసి ఒకసారి చూసి, "రేపు నువ్వు కౌన్సిలరు భార్యవి" అన్నాడు.

ఆమె కాగితం చదివింది. 'పాత మైదానంలో స్త్రీలకు మరుగుదొడ్డి లేక మహిళా అభిమానులమైన మేము పడుతున్న నరకయాతన దృష్ట్యా ఈ తరలింపును మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము.'

ఆ మాట ఆమెదే. పదకొండేళ్లలో ఒకే ఒక్కసారి ఆ గ్యాలరీలో కూర్చుని ఆట చూసింది. రెండో సగంలో ఇక ఆపుకోలేక ఇంటికి పరుగెత్తింది. గెలిపించిన గోల్ పడినప్పుడు వీధి మలుపులో ఉంది, కేక మాత్రం వినపడింది. ఒక గది కట్టించి లోపల గడియ పెట్టించమని సంఘంలో అడగండి అని ఆయన్ని ఎన్నిసార్లు వేడుకుందో లెక్కలేదు. ఆయన దాన్ని స్నేహితులకి చెప్పే జోకు చేశాడు, మా ఆవిడ గోల్ టైముకి గోల పెట్టి పారిపోయిందని. ఆమె గడియ అడిగితే నవ్వినవాళ్లు ఇప్పుడు అదే మాట పట్టుకుని మైదానం మొత్తం కూల్చేస్తామంటున్నారు, అదీ ఆమె చేతే రాయించుకుని.

"కొత్తదాంట్లో ఉంటుందా మరి?" అంది.

"ఉండకేం. అంత పెద్ద స్టేడియం."

"ప్లాను చూశారా?"

"అవన్నీ ఇంజనీర్ల పనులు. నీకెందుకు."

చూడలేదన్నమాట. ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. బుధవారం లాండ్రీ నించి అటే వెళ్లి ఇచ్చేస్తానంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయన ఆ పూట తన కంచం తనే తీశాడు.

ఆ రెండు రోజులూ ఆమె ఆ సంచిని ఎక్కడ పెట్టినా అది తనకేసే చూస్తున్నట్టుండేది. సంతకం పెడితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, పైగా పదవి. ఆ రెండు మాటలూ నిజమే. కానీ ఇన్నేళ్లూ ఆయన ఎత్తుకెళ్లిన మాటల్లో ఎప్పుడూ ఆమె పేరు లేదు. మొదటిసారి ఆమె పేరుతో ఊరికి ఒక మాట వెళ్తోంది, అది ఆమె నమ్మని మాట. మంగళవారం కూరగాయలు తరుగుతూ ఆమె మ్యాచ్ గురించి ఏమీ చెప్పలేదు. ఆయన రెండుసార్లు పేపరు పక్కకి దించి చూశాడు.

బుధవారం నాలుగింటికి వార్డు ఆఫీసుకి వెళ్లింది. వరండా గోడకి కొత్త స్టేడియం ప్లాను అంటించి ఉంది, మూల ఒకటి ఊడి వేలాడుతోంది. ఆమె ఒక చేత్తో ఆ మూల పట్టుకుని, రెండో చేతి వేలితో ఒక్కొక్క గదినీ చదివింది, బల్ల మీద బట్టలు చూసినట్టే, వరసగా, దేన్నీ దాటెయ్యకుండా. దుకాణాలు అరవై. కార్లు నిలిపే చోటు. అతిథుల బాక్సులు పన్నెండు, ప్రతి బాక్సుకీ సొంత మరుగుదొడ్డి. గ్యాలరీల కింద పురుషుల మరుగుదొడ్లు ఎనిమిది చోట్ల. మళ్లీ మొదటినించీ చదివింది.

లోపలున్న గుమాస్తాని పిలిచి స్త్రీలవి ఎక్కడున్నాయని అడిగింది. ఆయన కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు వెతికాడు.

"రెండో దశలో ఉంటాయేమోనమ్మా."

"రెండో దశ ఎప్పుడండీ?"

"మొదటి దశ అయ్యాక" అన్నాడు ఆయన. ఆమె అలాగే చూస్తూ ఉండేసరికి గొంతు తగ్గించి, "ప్లాను అంటించి నెల దాటింది. చదవడానికి వచ్చింది మీరొక్కరే" అన్నాడు.

ఆమె తెల్లకాగితం ఒకటి అడిగి పుచ్చుకుంది. బెంచీ మీద కూర్చుని తన దస్తూరీతో రాసింది. మైదానం ఉన్నచోటే ఉండాలని, స్త్రీలకు గడియ ఉన్న గది ఒకటి అక్కడే కట్టించమని, కొత్త ప్లానులో అదీ లేదని. నాలుగే వాక్యాలు. టైపు చేసిన కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఎవరి తరఫున అని రాసుకోమంటారు?" అన్నాడు గుమాస్తా.

"మహిళా అభిమానుల విభాగం."

"ఎంతమంది ఉంటారు?"

"నాకు తెలిసి నేనొక్కదాన్నే. కన్వీనర్ని చేసింది మాత్రం సంఘంవాళ్లే."

ఆయన నవ్వబోయి ఆపుకుని, 'అందినది' అని ముద్ర కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి అయిదుంపావు. ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, రేడియో ఆఫీసుకి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను.

"ఇచ్చావా?"

"ఇచ్చాను. మీరు టైపు చేయించింది కాదు. నేను రాసింది." సంచిలోంచి ఆయన కాగితం తీసి, ఉన్న మడతల మీదే మడిచి, బల్ల మీద పెట్టింది. తను ఏం రాసిందో కూడా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. దాచడానికి ఆమెకేమీ కనిపించలేదు.

ఆయన మొహం ఎర్రబడింది. సోమవారం కౌన్సిల్లో తన మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు, కౌన్సిలరుకేం చెప్పాలన్నాడు, ఇంటి గడప దాటని దానివి నీకెందుకీ పెత్తనాలన్నాడు. రోజూ ఎనిమిది గంటలు లాండ్రీలో నిలబడే ఆమె కాళ్లు ఆ మాట విన్నాయి. అత్తగారు లోపల గదిలో కుర్చీ చప్పుడు కాకుండా గుమ్మం దాకా జరిపింది.

"అసలు ఆట గురించి నీకేం తెలుసు?" అన్నాడు ఆఖరికి.

ఆమె చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. గడియారం చూసింది. ఇంకా నలభై నిమిషాలుంది.

"నాకేం తెలియదు కదా" అంది. "అయితే ఈ పూట రేడియోలో మీకు తెలిసింది చెప్పండి."