నల్ల సిరా కింద మూడు వరుసలు

నేను ఒక ఉత్తరాన్ని. మడిస్తే కవరు, విప్పితే కాగితం. అంతకు మించి నా ఒంట్లో ఏమీ లేదు. ప్రస్తుతం విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి ఆల్బంలో, ప్లాస్టిక్ తొడుగులో ఉంటున్నాను. నన్ను చూడవచ్చినవాళ్లు ముందు నా మీది ముద్రలు చూస్తారు. యుద్ధభూమి తపాలా ముద్ర ఒకటి, సెన్సారువారి ముద్ర ఒకటి. తరవాత నా నడుమ అడ్డంగా ఉన్న నల్లటి పట్టీ చూసి, "ఎంత చక్కగా కొట్టేశారండీ" అంటారు. దెబ్బ తగిలిన చోటు చూసి చక్కగా ఉందనే మనుషుల్ని ఈ సేకరణదారుల్లోనే చూశాను.

కాగితంగా ఎక్కడ పుట్టానో నాకు తెలియదు. ఉత్తరంగా పుట్టింది ఇటలీలో, 1943 చలికాలంలో, ఒక ఏటి ఒడ్డున. ఆ ఏటి పేరు నా మీద లేదు. ఊళ్ల పేర్లూ నదుల పేర్లూ రాయకూడదని పటాలంలో కట్టడి. రాసినవాడు దాలినాయుడు. నాగావళి ఒడ్డున గుల్లిపేట అతని ఊరు. పడవలు నడిపిన చేతులు కదా అని అతన్నీ, అదే ఊరివాడైన గవరయ్యనూ వంతెనలు కట్టే దళంలో వేశారు. ఇద్దరూ ఒకే రోజున పేర్లు రాయించుకున్నారు, ఒకే ఓడలో సముద్రం దాటారు.

ఒక మంగళవారం పడవలు వరసగా కట్టి పైన బల్లలు పరుస్తుండగా అవతలి గట్టు నుంచి గుండ్లు పడ్డాయి. గవరయ్యకు పొట్టలో తగిలింది. దాలినాయుడు అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అరగంట బతికాడు. తరవాత పడ్డ గుండుకు పడవ తిరగబడింది. దాలినాయుడు ఈదుకుంటూ గట్టు చేరాడు, గవరయ్య శవం వరదలో కొట్టుకుపోయింది. శవం దొరకలేదు కాబట్టి పటాలం దస్త్రంలో 'ఆచూకీ లేదు' అని రాసుకున్నారు. కళ్లారా చూసినవాడు చెప్పాడు గాని, అతను చెప్పింది రాసుకున్న ఆఫీసరు మర్నాడు తనూ పోయాడు.

రెండు రోజులయ్యాక దాలినాయుడు పెట్రోలు డబ్బా బోర్లించి, దాని మీద నన్ను పరిచి, తడిపితే సిరాలా రాసే కాపీయింగ్ పెన్సిల్ నాలుక మీద తడుపుకుంటూ రాశాడు. రాత్రిబడిలో నేర్చిన చదువు. ఒక్కొక్క అక్షరాన్నీ అదిమి రాసేవాడు. ముందు క్షేమం అడిగాడు. ఎద్దుకు కాలి పుండు మానిందా అని అడిగాడు. తరవాత చాలాసేపు పెన్సిల్ పట్టుకుని కూర్చుని మూడు వరుసలు రాశాడు.

'మన గవరయ్య మంగళవారం ఏట్లో పోయినాడు, నా ఒళ్లోనే పేనం పోయింది. అసిరికి నువ్వే మెల్లగా చెప్పు. దాన్ని ఒంటిగా ఉంచొద్దనీ మంచివాణ్ని చూసి మారుమనువు చెయ్యమనీ వాడి ఆఖరి మాట.'

అసిరి అంటే అసిరమ్మ, గవరయ్య పెళ్లాం. వాళ్లిల్లు దాలినాయుడి ఇంటి పక్కనే. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు.

సెన్సారు ఆఫీసులో తెలుగు ఉత్తరాలు చదివే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. మనవాడే, గోదావరి జిల్లావాడు. నన్ను చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సర్కారు కాగితం వెళ్లకముందు చావు కబురు ఉత్తరంలో వెళ్లకూడదని నియమం. "సర్కారువారు ఎలాగూ చెప్తారు కదా" అని తనలో తనే అనుకుని, కుంచె సిరాలో ముంచి మూడు వరుసల మీదా పూశాడు. చెడ్డవాడు కాదు. నా బతుకులో చెడ్డవాడంటూ ఎవరూ తగల్లేదు, అదే నా ఏడుపు.

గుల్లిపేటలో బడి పంతులు నన్ను దాలినాయుడి ఇంటి అరుగు మీద కూర్చుని చదివాడు. దాలినాయుడి భార్య పోలమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అసిరమ్మ చేటలో చోళ్లు చెరుగుతూ వింటోంది. ఎద్దు పుండు దాకా చదివి పంతులు ఆగాడు.

"ఇక్కడేదో నల్లసిరా పూసేశారు. కనిపించడం లేదు."

"ఏటి రాసినాడేటి?" అంది పోలమ్మ కంగారుగా.

అసిరమ్మ చేట ఆపి నవ్వింది. "ఏటి రాస్తాడప్పా, పెళ్లానికి రాసిన మాట. దొరలు సదివి సిగ్గుపడి మసి పూసీసినారు."

పంతులు కూడా నవ్వాడు. పోలమ్మ మొహం ఎర్రబడింది. తన మొగుడి చావు మీద చెయ్యి వేసి చూపిస్తూ ఆ పిల్ల పకపకా నవ్వుతుంటే, కాగితాన్ని గనుక ఊరుకున్నాను. పోలమ్మ నన్ను పసుపుగుడ్డలో చుట్టి రేకుపెట్టెలో చీరల కింద పెట్టుకుంది.

కొన్నాళ్లకు అసిరమ్మకు సర్కారు కాగితం వచ్చింది. 'ఆచూకీ తెలియలేదు' అని. "తెలీనేదంటే దొరుకుతాడనే గదా" అంది అసిరమ్మ.

యుద్ధం అయ్యాక 1946లో దాలినాయుడు ఊళ్లోకి వచ్చాడు. ఇంటి నుంచి జవాబేదీ అందకపోయినా, తన ఉత్తరంతో కబురు ఎప్పుడో చేరింది, ఏడవవలసినవాళ్లు ఏడ్చేసి ఉంటారు అనుకుంటూ వచ్చాడు. కాళ్లకు నీళ్లిచ్చింది అసిరమ్మ. నుదుట అణా అంత బొట్టు, చేతులనిండా గాజులు.

"బావా, మీ సావాసగాడు ఎనకొస్తన్నాడా?"

దాలినాయుడు చెంబులో నీళ్లన్నీ కాళ్ల మీద ఒంపేసుకున్నాడు. "వాడు ... వాడు వేరే దళంలో ఉండిపోనాడు" అన్నాడు. రేపు చెబుదాంలే అనుకుని ఉంటాడు. లోపలికొచ్చి ఉత్తరాలేవీ అని అడిగాడు. పోలమ్మ నన్ను విప్పి చేతికిచ్చి, సిగ్గుపడుతూ నల్లపట్టీ మీద వేలు పెట్టింది. "ఇక్కడేటి రాసినావు? ఊరంతా నన్ను ఎక్కిరిస్తన్నారు."

అతను నన్ను చూశాడు. ఇటలీలో రాసిన చేత్తోనే నల్లపట్టీని ఒకసారి తడిమాడు.

"నీకు సెప్పాల్సిన మాటే" అన్నాడు.

పోలమ్మకు అది చాలింది. నన్ను మళ్లీ పసుపుగుడ్డలో చుట్టేసింది. ఆ మాటతో అతని నోరు కుట్టుకుపోయింది. అసిరమ్మకు చెబితే ఆ వరుసల్లో ఏముందో పోలమ్మకూ తెలుస్తుంది. రేపు మాపైంది, మాపు మరుసటి ఏడైంది.

రెండేళ్లకు అసిరమ్మ అన్న సూర్నాయుడు ఒక మనిషిని తీసుకొచ్చాడు. పెళ్లాం పోయినవాడు, నెమ్మదస్తుడు, సొంత పడవ ఉంది. వాళ్ల కులంలో మారుమనువు తప్పు కాదు. అసిరమ్మ ఒప్పుకోలేదు, మొగుడు బతికుండగా మనువేమిటంది. పెద్దమనుషులు దాలినాయుడి అరుగు మీద కూర్చున్నారు. గోడకు ఇవతల పెట్టెలో నేనున్నాను. ప్రతి మాటా విన్నాను.

"నువ్వు కూడా ఉన్నావు గదా నాయినా" అన్నాడు ఊరి పెద్ద. "గవరయ్య సచ్చిపోవడం నీ కళ్లతో సూసినావా? నువ్వొక్క మాట సెప్పు, పిల్ల బతుకు బాగుపడతాది."

అసిరమ్మ గుమ్మంలో నిలబడి అతని మొహంలోకి చూస్తోందట. తరవాత పోలమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

చూశానంటే, రెండేళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. బొట్టు పెట్టుకుని నీ కాళ్లకు నీళ్లిచ్చిన నాడు నోరెందుకు మెదపలేదని ఆమె అడుగుతుంది. గుండ్లు పడుతున్న ఏట్లో బల్లలు పరిచినవాడు ఆ ప్రశ్నకు భయపడ్డాడు.

"నేను సూడనేదు" అన్నాడు.

పడవ మనిషి వెళ్లిపోయాడు. సూర్నాయుడు చెల్లెలితో మాటలు మానేశాడు. మరి కొన్నేళ్లకు, చనిపోయినట్టే లెక్క అని సర్కారువారు ఒక కాగితం పంపి వేలిముద్ర వెయ్యమంటే, అసిరమ్మ ఆ కాగితాన్ని చింపి పొయ్యిలో పెట్టింది. కూలికి పోయింది, నాట్లు వేసింది, చోళ్లు విసిరింది. దాలినాయుడు ఏటా ఆమె ఇంటికప్పు తనే నేసిపెట్టేవాడు, వాన కురవకుండా. ఊరివాళ్లు మెచ్చుకున్నారు, సావాసానికి విలువిచ్చే మనిషని. పోయే ముందు పదిరోజులు మంచంలో ఉన్నాడు. అసిరమ్మ వచ్చి గంజి పట్టేది. ఒకనాడు ఆమె చెయ్యి పట్టుకుని, "అసిరీ" అన్నాడు. "ఏటి బావా" అంది. "గంజిలో ఉప్పు సాలనేదు" అన్నాడు. అంతే చెప్పి పోయాడు.

ఆ పైన అయిదేళ్లకు, పట్నం నుంచి నరసింగరావుగారు వచ్చారు. రేవులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పరాయి దేశాల్లో యుద్ధం చేసిన మన సిపాయిల సెన్సారు ఉత్తరాలు సేకరించడం ఆయన వ్యాపకం. మిలట్రీ ఇళ్లున్న ఊళ్లన్నీ తిరిగేవారు, సంచిలో పట్టకారు, భూతద్దం. నన్ను పట్టకారుతో పట్టుకున్నప్పుడు ఆయన కళ్లలో కనిపించిన ప్రేమ దాలినాయుడి కళ్లలో కూడా నేను చూడలేదు.

"ఇది నాకివ్వండమ్మా. చెదలు పట్టకుండా నూరేళ్లు కాపాడతాను."

పోలమ్మ పసుపుగుడ్డ మడత పెట్టింది. "ఇస్తాను గాని బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఆ మసి కింద మా ఇంటాయన ఏటి రాసినాడో సదివి నాకొచ్చి సెప్పాల. నలభై ఏళ్లై అడగాలనుంది, ఆయన్ని మళ్లీ అడగనేకపోనాను."

ఆయన మాటిచ్చారు. మాట మీద నిలబడే మనిషే. ఇంటికి తీసుకెళ్లి, నన్ను బోర్లా వేసి, ఏటవాలుగా దీపం పెట్టారు. అదిమి రాసిన పెన్సిల్ కదా, వెనకవైపు అక్షరాలు ఉబ్బెత్తుగా లేచాయి. అద్దంలో చూస్తూ ఒక్కొక్క మాటే కూడబలుక్కుని కాగితం మీద రాసుకున్నారు. పూర్తయ్యాక భార్యను పిలిచి చదివి వినిపించారు. 

"వెళ్లి చెప్పేయండి" అందావిడ.

చెప్పడానికే బయల్దేరారు, నన్ను సంచిలో పెట్టుకుని. గుల్లిపేటలో పోలమ్మ అరుగు మీద ఎదురు చూస్తోంది. పక్కన ఇంకొక ముసలామె తాటాకు బుట్ట అల్లుతోంది, నుదుట అణా అంత బొట్టు.

"ఈమె అసిరి" అంది పోలమ్మ. "ఈమె ముందు సెప్పు బాబూ, పర్నేదు. మసి సంగతి మొట్టమొదట కనిపెట్టింది ఈమే."

నరసింగరావుగారు ఆ బొట్టు చూశారు. పోలమ్మ మొహం చూశారు. కళ్లజోడు సర్దుకున్నారు.

"నిన్ను తలుచుకోని పూట లేదని రాశారమ్మా" అన్నారు.

పోలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అసిరమ్మ నవ్వింది, పళ్లు లేని నోటితో. "నే సెప్పనేదేటప్పా." చేతిలో ఆకు చూసుకుంటూ అడిగింది. "మా ఇంటాయన ఊసేటైనా ఉన్నాదా బాబూ?"

"లేదమ్మా."

గుమాస్తా తరవాత, దాలినాయుడి తరవాత, మూడోసారి నా మీద సిరా పడింది. ఈసారి కుంచె కూడా అక్కర్లేకపోయింది.

ఆ ఏడు హైదరాబాదులో తపాలా బిళ్లల ప్రదర్శన. అద్దం కింద నన్ను పెట్టి, పక్కన చక్కటి అక్షరాలతో ఆ మూడు వరుసలూ రాసి పెట్టారు నరసింగరావుగారు. సెన్సారు కొట్టేసిన మాటను తిరిగి చదవగలగడం అరుదట. నాకు వెండి పతకం వచ్చింది. ఆమెకు తప్ప ఆ మూడు రోజుల్లో ఊరూ పేరూ తెలియని వందలమందికి అసిరమ్మ మొగుడి ఆఖరి మాట తెలిసింది. చివరి రోజున ఒక కాలేజీ అమ్మాయి చదివి, తల పైకెత్తి అడిగింది.

"మరి ఆ అసిరమ్మగారికి ఈ సంగతి తెలిసిందా అండీ?"

"ఆవిడ ఎప్పుడో పోయిందమ్మా" అన్నారాయన.

అని, పతకం జేబులో వేసుకుని ఇంటికొచ్చారు. భార్యతో ఆ మాట చెప్పలేదు. నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అయిదో రోజున నన్ను సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గుల్లిపేట బస్సెక్కారు. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉన్నారు, ఎలా మొదలెట్టాలో చూసుకుంటూ.

అసిరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పోలమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎల్లిపోనాది బాబూ. పన్నెండు రోజులైంది. జొరం, రెండు పూటలు." పోలమ్మ గొంతులో దిగులు కంటే మెప్పే ఎక్కువ వినిపించింది. "ఊరు ఊరంతా వొచ్చినారు. ముత్తైదువు సావు గదా. పసుపు రాసి, కొత్తకోక కట్టి, పూలు పెట్టి పంపినాము. ఆమె నుదుటి కుంకం కోసం ఆడోళ్లు తోసుకున్నారు. నేనూ తీసుకున్నాను, నా కోడలి కోసం."

నరసింగరావుగారు అరుగు చివర కూర్చున్నారు. సంచి ఒళ్లో ఉంది. దాని మీద ఆయన రెండు చేతులూ ఉన్నాయి.

"అదురుష్టవంతురాలు" అంది పోలమ్మ. "నాకా భాగ్గెం నేదు. అయినా నాకేటి తక్కువ, ఆయన రాసిన మాటొకటి ఉన్నాది. మరొక్కసారి సెప్పు బాబూ, అక్కడ ఏటని రాసినాడు?"

ఆయన చెప్పారు. తడబడకుండా, క్రితంసారి చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా.