పంటు తాడును కోసిన చెయ్యి

నేను ఒక తాడును. దసరా సెలవులకు ముందు ఆఖరి రోజు ఉదయం స్టోరు గది తలుపు తీసిన డ్రిల్లు మాస్టారికి, నా నడుము సగానికి పైగా కత్తితో కోసేసి కనిపించింది.

ఆయన వెంటనే కేక పెట్టలేదు. ముందు నా పక్కన గొంతుక్కూర్చుని గాయాన్ని వేలితో తడిమారు. నావి మూడు పురులు. రెండు తెగిపోయాయి, మూడోది బిక్కుబిక్కుమంటూ మిగిలింది. అప్పుడు లేచి వరండాలోకి వచ్చి, మైదానం అవతలి కొబ్బరి చెట్ల మీది కాకులు ఎగిరిపోయేలా అరిచారు.

"ఎవరే ఈ పని చేసింది? ఎవర్రా?"

ఎవరో నాకు తెలుసా అని మీరు అడుగుతారు. చెబుతాను. కానీ పోలీసులు కూడా ముందు దెబ్బ తిన్నవాడి ఊరూ పేరూ రాసుకున్నాకే కొట్టినవాడి సంగతి అడుగుతారు. కాబట్టి ముందు నా ఊరూ పేరూ.

నాది కోనసీమ. కొబ్బరి డొక్కల్ని కాలవలో నెలల తరబడి నానబెట్టి, కర్రలతో చితక్కొట్టి, పీచు తీసి, ఎండబెట్టి, ఆ పీచుతో నన్ను పేనారు. నన్ను పేనిన చిట్టెమ్మ అరచేతులు నాకంటే గరుకు. అవతలి కొస పట్టుకున్న పిల్ల చెయ్యి సడలిస్తే ఊరుకునేది కాదు. "గట్టిగా పట్టుకోవే! ఇది దూడని కట్టే పలుపు కాదు, పంటుని కట్టే తాడు. నీ బద్ధకానికి ఎవరో గోదాట్లో కలిసిపోతారు" అని గదమాయించేది.

అలా నేను పంటు తాడునయ్యాను. రెండు పడవల మీద బల్లలు పరిచి మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, ఒక్కోసారి పెళ్ళివారి కార్లనీ గోదావరి పాయ దాటించేది పంటు. రేవులో దాన్ని ఒడ్డుకు పట్టి ఉంచడం నా పని. పంటు ఆలస్యమైతే జనం దాన్ని నడిపే సరంగుని నోటికొచ్చినట్టు తిట్టేవారు. అవతలి ఒడ్డు చేరాక ఆయనవైపు తిరిగైనా చూసేవారు కాదు. కొన్నాళ్ళకు వంతెన వచ్చింది. ప్రారంభించిన రోజు పైన చప్పట్లు మోగుతుంటే, కింద సరంగు నన్ను విప్పి, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని హైస్కూలుకు నడిచాడు.

"మాస్టారూ, దీన్ని మీ పిల్లలాటకి వాడుకోండి. ఊరికే పడుంటే పీచైపోద్దండి" అన్నాడు డ్రిల్లు మాస్టారు తాతారావు గారితో. ఆయన నన్ను ఒకసారి సాగదీసి చూసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు లోపలికి తీసుకెళ్ళారు.

రేవులో నన్ను ఒక్కవైపు నుంచే లాగేవారు. దానికో ప్రయోజనం ఉండేది. ఇక్కడ రెండువైపుల నుంచీ లాగుతారు, అందరూ కింద పడతారు, పడ్డాక నవ్వుతారు. ఈ రెండో ఉద్యోగమే నాకు ఎక్కువ నచ్చింది.

మా స్కూల్లో ఒక ఆనవాయితీ ఉంది. మూడు నెలల పరీక్షలు అయిపోయి, దసరా సెలవులకు తలుపులు వేసే రోజున చాలా జరుగుతాయి. ముగ్గుల పోటీ, ఏకపాత్రలు, క్విజ్జు, బహుమతులు. అన్నిటికీ ఆఖర్న పదో తరగతికీ మాస్టార్లకీ తాడు లాగే పోటీ. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పులిహోర, గారెలు వడ్డించాలి. నేను వచ్చినప్పటి నుంచీ వడ్డిస్తున్నది పిల్లలే.

ఆ ఓటమిలో అందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. పిల్లలు మాస్టార్లని సున్నం గీత దాకా ఈడ్చుకొస్తారు. అక్కడికి రాగానే ఆ చేతులు ఒక్కసారిగా మెత్తబడిపోతాయి. నాకు తెలుస్తుంది కదా. మాస్టార్లు వెల్లకిలా పడి, లేచి, మట్టి దులుపుకుని "చూశార్రా మా దెబ్బ!" అంటారు. గౌరవం చూపించడమంటే ఇదేనని పిల్లలకు ఎవరు నేర్పారో తెలియదు. మాస్టార్లందరికీ ఆ గెలుపు రుచిగానే ఉండేది, ఒక్క తాతారావు గారికి తప్ప. మాస్టార్ల వైపు కొసన నన్ను నడుముకు చుట్టుకుని నిలబడేది ఆయనే. మిగతావాళ్ళు ఆయన్ని గుంజ అంటారు. గెలిచిన ప్రతిసారీ ఆ గుంజ మొహం కాస్త చిన్నబోయేది.

ఈసారి పదో తరగతి జట్టుకు నాయకురాలు సత్యవేణి. కబడ్డీలో కూతకు వెళితే ఎవరినో ఒకరిని ముట్టుకోకుండా తిరిగి రాని పిల్ల. ముందు రోజు ప్రార్థన అయ్యాక అందరి ముందూ నిలబడి చెప్పింది.

"ఈసారి మేం చేతులు వదలమండి. గెలిస్తే గెలిచినట్టు, ఓడితే ఓడినట్టు."

సోషల్ చెప్పే ఎస్తేరు రాణి టీచరు కొంగు దోపుకున్నారు. "ఏంటే, మాతోనా పంతాలు? మార్కులేసేది మేమేనే తల్లీ!"

"మార్కులు మీరే వేసుకోండి టీచర్. గారెలు మాత్రం మాకు వెయ్యండి."

మైదానమంతా గొల్లుమంది. తాతారావు గారు తొడ చరిచారు. "అదీ మాటంటే! రా, చూసుకుందాం!"

నవ్వనిది ఒక్కరే. ఏటా మధ్యలో ఈల పట్టుకుని నిలబడే హెడ్మాస్టరు వరాహమూర్తి గారు. ఆయన తాతారావు గారి నడుమువైపు ఒకసారి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం సత్యవేణి, జట్టులోని మిగతా పిల్లలు నన్ను ఎండలోంచి తీసి చుట్టి, స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. పొద్దున్నే వచ్చి గీతలు గీయాలని తాళం చెవి సత్యవేణి తన దగ్గరే ఉంచుకుంది. వాళ్ళు వెళ్ళాక, ఇంకా పూర్తిగా చీకటి పడకముందే, తాళం మళ్ళీ కదిలింది. తలుపు ఓరగా తెరుచుకుంది. లైటు వెయ్యలేదు.

ఒక చెయ్యి నా మీద పడింది.

లాగినవాళ్ళ చేతులన్నీ నాకు తెలుసు. ఏ వేలికి ఉంగరముందో, ఏ అరచెయ్యి చెమట పడుతుందో చెప్పగలను. ఈ చెయ్యి నన్నెప్పుడూ పట్టింది కాదు. మెత్తగా, భయం భయంగా ఉంది. కత్తిని ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా దానికి తెలియదు. కోస్తూ కోస్తూ ఆగిపోయింది. ఎవరో నిట్టూర్చారు. మళ్ళీ కోత మొదలైంది. నొప్పి కంటే నాకు ఆశ్చర్యం ఎక్కువ. దొంగతనానికి వచ్చినవాళ్ళు దుఃఖపడరు కదా.

కాబట్టి నాకు తెలిసింది సగమే. కోసింది ఎవరో తెలియదు. సత్యవేణి మాత్రం కాదని తెలుసు. కానీ తాడు సాక్ష్యం ఎవరడుగుతారు?

ఇక తిరిగి ఆ ఉదయానికి. నన్ను తెచ్చి హెడ్మాస్టరు గారి బల్ల మీద పడుకోబెట్టారు. ఒకవైపు తాతారావు గారు, ఒకవైపు ఎస్తేరు రాణి టీచరు. ఎదురుగా సత్యవేణి. బయట ముగ్గుల పోటీ జరుగుతోంది. కిటికీలోంచి పిల్లల గోల వినిపిస్తోంది. పోటీ అయ్యాక, మధ్యాహ్నం బస్సుకు తాతారావు గారు నలుగురు పిల్లల్ని కాకినాడ తీసుకెళ్ళాలి, స్పోర్ట్సు హాస్టలు ఎంపికలకు. ఆ నలుగురిలో మొదటి పేరు సత్యవేణిది. ఇంట్లో వాళ్ళు పదితో చదువు మాన్పించేస్తామని అంటున్నారు. ఆ హాస్టల్లో సీటు వస్తే ఆమె చదువూ ఆటా రెండూ నిలబడతాయి. రాకపోతే రెండూ పోతాయి.

"తాళం చెవి ఎవరి దగ్గరుంది?" తాతారావు గారి గొంతు నాకే కొత్తగా ఉంది.

"నా దగ్గరేనండి."

"ఇంకెవరికైనా ఇచ్చావా?"

"లేదండి."

"మరింకేం?" అన్నారు ఎస్తేరు రాణి టీచరు. "నిన్న అందరి ముందూ గొప్పలు పోయింది. ఇంటికెళ్ళాక భయమేసుంటుంది. పోటీ జరక్కపోతే పరువు దక్కుద్ది కదా అనుకుంది."

"భయమెందుకండి? ఓడితే ఓడినట్టు అని నేనే అన్నాను కదండీ. తాడు కోసేసి గెలిచామని ఎవరికి చెప్పుకుంటామండీ టీచర్?" సత్యవేణి ఏడుస్తూ తాతారావు గారివైపు తిరిగింది. "మాస్టారూ, మీరైనా నమ్మండి."

తాతారావు గారు ఆమెవైపు చూడలేదు. నావైపు చూశారు.

హెడ్మాస్టరు గారు దగ్గారు. "ఎలకలు కొట్టి ఉండొచ్చేమో తాతారావూ."

"ఎలకలా? ఎలక కత్తిపట్టి ఇంత నున్నగా కోసిందంటారా? మన స్టోర్లో ఎలకలు వంట కూడా నేర్చుకున్నాయేంటండీ?"

ఇంకో రోజైతే ఆ మాటకి నవ్వేవారు. ఎస్తేరు రాణి టీచరు కూడా నవ్వలేదు. తప్పు మోపింది తనే అయినా, ఏడుస్తున్న పిల్ల చేతిలో తన చేతిరుమాలు పెట్టారు.

తాతారావు గారు లేచారు. "వేణీ, నీకు కూత నేర్పింది నేను. పడటం నేర్పింది నేను. ఆడే వస్తువుని పాడు చేసేవాళ్ళని నేను ఆటకి తీసుకెళ్ళను. నీ పేరు కొట్టేస్తున్నా. ఇంటికెళ్ళిపో."

ఆ పిల్ల కదల్లేదు. ఏడుపు బయటికి వినపడకుండా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజంగా తప్పు చేసినవాళ్ళయితే ఈపాటికి నాలుగు కథలు చెప్పేవారు. మనుషులు నిజం చెప్పేటప్పుడే మాటలకు తడుముకుంటారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"పోటీ ఆగదు" అన్నారు తాతారావు గారు హెడ్మాస్టరుతో. "కింది రేవులో ఇంకా పంటు నడుస్తోందండి. బండి మీద వెళ్ళి గంటలో తాడు తెత్తాను. నేనే కొసన నిలబడతా, నడుముకి రెండు చుట్లు చుట్టుకుని మరీ. ఎవరు ఆపుతారో చూత్తాను."

వరాహమూర్తి గారి మొహం పాలిపోయింది. తాతారావు గారు విసవిసా గుమ్మం దాటారు. ఎస్తేరు రాణి టీచరు ముగ్గుల దగ్గరికి వెళ్ళారు. సత్యవేణి సంచీ భుజాన వేసుకుంది. ముగ్గురూ తలోవైపు వెళ్ళిపోతుంటే, బల్ల మీద నేను, బల్ల వెనక ఆయన, ఇద్దరమే మిగిలాం. ఆయన చెయ్యి మెల్లగా వచ్చి నా గాయం మీద ఆనింది.

అప్పుడు నాకు మిగతా సగం కూడా తెలిసింది.

ఆయన నన్ను రెండు చేతులతో ఎత్తుకున్నారు. మోయడం కూడా ఆయనకు రాదు. ఒక కొస నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. వరండా దిగి, "తాతారావూ, ఆగు! సత్యవేణీ, నువ్వూ ఆగమ్మా!" అంటూ, ముగ్గుల మధ్య నుంచి, ఒకరిద్దరి రంగులు చెరిపేస్తూ, తిన్నగా మైకు దగ్గరికి నడిచారు. ఏకపాత్ర చెబుతున్న ఆరో తరగతి ద్రౌపది భయపడి పక్కకు తప్పుకుంది. తాతారావు గారు బండి స్టాండు తియ్యబోతూ ఆగిపోయారు. గేటు దగ్గర సత్యవేణి వెనక్కి తిరిగింది.

"పిల్లలూ, ఈ తాడు కోసింది నేను. ఎవరో చేయించింది కాదు, పొరపాటున జరిగింది కాదు. వంటగదిలోంచి కూరగాయల కత్తి తీసుకెళ్ళి నా చేత్తో కోశాను. స్టోరు గదికి రెండో తాళం చెవి నా దగ్గరుంటుందని అందరూ మర్చిపోయారు. గుర్తు రాకపోతే బావుండునని కూర్చున్నాను. ఎలకలన్నది కూడా నేనే. తాతారావూ, అలా చూడకు, నన్ను చెప్పనియ్యి. నీ చేతిలో చెయ్యేసి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. పిల్లలూ, మీ డ్రిల్లు మాస్టారికి ఈ సెలవుల్లో హెర్నియా ఆపరేషను. నవ్వకండి, అది నవ్వే జబ్బు కాదు. బరువు లాగితే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుందని డాక్టరు నా ఎదటే చెప్పాడు. ఈ ఒక్కసారి పక్కన కూర్చోవయ్యా అని బతిమాలాను. 'ఇన్నేళ్ళకి ఒక పిల్ల నిజంగా లాగుతానంది, నేను పక్కన కూర్చుంటే ఆ పిల్ల గెలుపు గెలుపవదండి' అన్నాడు. అందరికీ చెప్పి ఆపుదామంటే మాటిచ్చేశాను. తాడే లేకపోతే పోటీ ఉండదు కదా అనుకున్నాను. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ లెక్క అక్కడితో ఆపేశాను. ఇంకో రేవులో ఇంకో తాడుంటుందనీ, నింద ఇంకొకరి మీద పడుతుందనీ నాకు తట్టలేదు. తాతారావూ, ఆ పేరు కొట్టెయ్యకు. కోపం ఉంటే కాకినాడ నుంచి వచ్చాక నాతో మాట్లాడటం మానెయ్యి, ఆసుపత్రికి మాత్రం నేను వస్తాను. సత్యవేణీ, ఇలా రా అమ్మా. అక్కడే నిలబడతావా, సరే, అక్కడి నుంచే విను. తాడు కోసినందుకు నా దగ్గర కారణం ఉంది. నువ్వు నా గదిలో నిలబడి ఏడుస్తుంటే, నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఊరుకున్నానే, దానికి మాత్రం నా దగ్గర ఏ కారణమూ లేదు."