థిన్నర్ అనుకున్న క్రీము

రంగులాయన నోరు అదుపులో ఉండదని పదిమందికీ తెలుసు, రంగులాయనకి మరీ బాగా తెలుసు. పెయింట్ల షాపులో రంగులు కలపడం ఆయన పని. గోడ పెచ్చు ఒకటి తెచ్చి కౌంటరు మీద పెడితే చాలు, అచ్చం అదే రంగు డబ్బాలో దింపేస్తాడు. ఆ చేతికి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. చెయ్యి అంత కుదురుగా ఉన్న మనిషికి నోరెందుకలా తగలడిందో ఆ దేవుడికే తెలియాలి. పదిమంది నవ్వుతారంటే చాలు, ముందూ వెనకా చూడకుండా అనేస్తాడు. అని, ఇంటికొచ్చి మంచం మీద పడుకుని, "ఛీ, నేనూ ఒక మనిషినేనా" అనుకుంటాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

ఈసారి మాత్రం ఆ నోరు కొంప ముంచింది. మేనకోడలికి ఉద్యోగం వచ్చిందని అక్క అందరినీ భోజనానికి పిలిచింది. స్వయంగా నారింజ వేసి చాక్లెట్ కేకు చేసింది. ఓవెన్‌లో కాస్త ఎక్కువసేపు ఉన్నట్టుంది, కేకు పైన బీటలు వేసింది. చుట్టాలూ, బావ ఆఫీసువాళ్ళూ, పక్కింటివాళ్ళూ మర్యాదగా తింటున్నారు. మన రంగులాయన కూడా నోరు మూసుకుని తినొచ్చుగా? అబ్బే. ప్లేటు పైకెత్తి, "ఇది కేకా, గోడకి పెట్టే పుట్టీనా అక్కా? ఇంకో కోటు వేస్తే పగుళ్ళు కనపడవు" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే, "అంత వచ్చినవాడివి నువ్వే ఏదో ఒకటి చేసి పట్టుకురా, తింటాం" అని ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది. అందరూ వెళ్ళిపోయేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

అప్పటినుంచి మాటల్లేవు. ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాం, ఇదిగో మీ బావ" అని ఇచ్చేస్తుంది. ఒకసారి ఆయనే ధైర్యం చేసి, "ఏదో సరదాకి అన్నాన్లే అక్కా, నీకు బాధేసుంటే సారీ" అన్నాడు. "నాకేం బాధ" అంది అక్క. ఫోన్ బావ చేతికి వెళ్ళింది. బావ పాపం వానల గురించి మాట్లాడాడు.

చిన్నప్పుడు అమ్మా నాన్నా పనికి పోతే ఆయనకి తల దువ్వింది, చొక్కా బొత్తాలు పెట్టింది అక్కే. ఏ తీపి వండినా గిన్నె అడుగున కావాలనే కాస్త వదిలి, "నాకెయ్యరా" అని చేతికిచ్చేది. ఆ గొంతు వినపడక రంగులాయనకి అన్నం సయించడం లేదు. షాపులో ఒకరోజు లేతాకుపచ్చ అడిగితే నీలం కలిపి ఇచ్చాడు. ఆయన చరిత్రలో అలాంటిది లేదు.

ఇంతలో మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ ఓవెన్ మీద దుప్పటి కప్పేసి ఇస్త్రీపెట్టె పెట్టింది. ఎవరికైనా ఇచ్చేస్తానంటోంది. ఆదివారం తన పుట్టినరోజు కదా, కేకు కూడా వద్దంది" అని చెప్పింది.

రంగులాయన గుండెలో రాయి పడింది. ఒక్క మాటతో అక్క చేత ఓవెన్ మానిపించాడన్నమాట. ఇక లాభం లేదు. చేసి పట్టుకురా అంది కదా, చేసే పట్టుకెళ్తాడు. బుద్ధిగా ఏ కేకో చేసుకుంటే పోయేది, కానీ ఆయనకి మామూలు పనులు ఆనవు. పండ్ల రుచులతో చాక్లెట్ ట్రఫుల్స్ చేసే వీడియో చూశాడు. నిమ్మకాయంత ఉండలు, కొరికితే మెత్తగా వెన్నలా ఉంటాయి. "ఉండలు చుట్టడమే కదా" అన్నాడు భార్యతో.

"వంటిల్లు మీకిచ్చేశాను, గోడలు మాత్రం నావి, చూసుకోండి" అంది భార్య, ఆయన చేతిలోని కొత్త పుట్టీ బ్లేడు వంక చూస్తూ.

ఆ బ్లేడుతోనే శనివారం చాక్లెట్ పలకలు సన్నగా తరిగాడు. మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగించాడు. చాక్లెట్ ఎనామిల్ పెయింటులా నిగనిగలాడింది. ఆయన తన పనితనానికి తానే మురిసిపోయాడు. అక్కడితో ఆపి చచ్చినా బాగుండేది.

వీడియోలో ఆవిడ శుభ్రంగా చెప్పింది: వేడి క్రీము పొయ్యండి, పండ్ల గుజ్జు నీరు ఇగిరేదాకా ఉడికించి కలపండి అని. రంగులాయనకి అది వేరేగా వినపడింది. క్రీమెందుకు? పల్చబడడానికి. అంటే థిన్నర్. థిన్నర్ ఎక్కువ పోసేది ఎవరు? కక్కుర్తి మేస్త్రీలు. పుట్టినరోజు పూట అక్కకి పల్చటి సరుకు పట్టుకెళ్తాడా? క్రీము ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఇక పండ్లంటే రంగే కదా. తెల్ల పెయింటులో రంగు చుక్కలు వేసినట్టు వేస్తే సరి. అందుకని కరిగిన చాక్లెట్‌ను మూడు గిన్నెల్లోకి పంచి, మొదటిదాంట్లో నారింజరసం చుక్కచుక్కగా పిండుతూ కర్రతో కలిపాడు.

మెరుస్తున్న చాక్లెట్ బిర్రబిగుసుకుపోయింది. కర్ర నిటారుగా నిలబడింది. సరిగ్గా కలవలేదేమో అని ఇంకా గట్టిగా తిప్పాడు. ఇసుకలా రవ్వలు తేలింది. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగుతాడు. రంగులాయన నారింజ మంచిది కాదని తీర్మానించి, రెండో గిన్నెలో అనాస రసం పిండాడు. అదీ అంతే. మూడో గిన్నెలో స్ట్రాబెర్రీ రసం ఎందుకు పోశాడో ఆయనకే తెలియదు, ఒట్టి మొండితనం. ఆయిల్ పెయింటులో నీళ్ళ చుక్క పడనివ్వకండి అని కౌంటరు దగ్గర రోజూ అందరికీ క్లాసు పీకే మహానుభావుడు, కొవ్వుతో నిండిన చాక్లెట్‌లో స్వహస్తాలతో నీళ్ళు పోశాడు. ఆ సంగతి మూడు గిన్నెలూ గట్టిపడ్డాక వెలిగింది.

భార్య వచ్చి వేలితో పొడిచి చూసింది. "ఏవండీ, ఇది ఏ గోడకి?"

వేరే రోజైతే ఆయనే ముందు నవ్వేవాడు. అచ్చం పుట్టీ. పుట్టీ కూడా కాదు, మూత తీసి మరిచిపోయిన పుట్టీ. అయినా పట్టు వదలకుండా ఉండలు చుట్టాడు. చుట్టినవి చుట్టినట్టే పగిలాయి. కోకో పొడి చల్లితే పగుళ్ళు ఇంకా బాగా కనపడ్డాయి.

ఆదివారం పొద్దున్నే బేకరీకి వెళ్ళి, ఇవే రుచుల ట్రఫుల్స్ కొనుక్కొచ్చి, ఇంట్లో స్టీలు డబ్బాలోకి మార్చాడు. "నేను చేశానని చెప్తాను. అక్క తింటుంది, సంతోషిస్తుంది, మాట కలుస్తుంది" అన్నాడు.

"మూత గట్టిగా పెట్టండి, అబద్ధం కారకుండా" అంది భార్య. ఆయన చేసిన నిర్వాకం ఉన్న డబ్బా కూడా సంచిలో పడేసి, "దీన్ని దారిలో కుండీలో పడెయ్యండి, ఇంట్లో ఉంటే చీమలు పడతాయి" అంది. తను రానని చెప్పింది. "వదిన మొహం చూస్తూ ఆ అబద్ధం వినలేను."

దారిలో చెత్తకుండీ దగ్గర ఆగాడు. మంచి చాక్లెట్ పారెయ్యడానికి చెయ్యి రాలేదు. సంచి భుజాన వేసుకుని నడిచాడు.

అక్క ఇంట్లో బావా, మేనకోడలూ ఉన్నారు. పక్కింటావిడ కూడా ఉంది. ఆ రోజు కేకు మాటకి అందరికన్నా గట్టిగా నవ్వింది ఆవిడే. ఓవెన్ చూడడానికి వచ్చిందట. అక్క తమ్ముడిని చూసి, "రా, కూర్చో" అంది. చుట్టం చూపుగా వచ్చినవాళ్ళతో అన్నట్టే అంది.

"చేసి పట్టుకురమ్మన్నావుగా, నేనే చేశాను" అని బేకరీ సరుకు చేతికిచ్చాడు. అక్క ఒకటి తీసుకుని కొరికింది. మెల్లగా నమిలింది. మిగతా సగం చేతిలోనే పట్టుకుని దానివంకే చూసింది.

"బాగున్నాయిరా" అంది. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని భయపెట్టింది. "నోట్లో పెట్టగానే కరిగిపోతున్నాయి. ఆరోజు నువ్వన్నది నిజమేలే. నాకు చేతకాదు. చేతకానిదానికి ఓవెన్ దేనికి?" పక్కింటావిడ వైపు తిరిగి, "సాయంత్రం ఎవరినైనా పంపండి, పట్టుకెళ్తారు" అంది.

రంగులాయన గెలిచాడు. ఇంత దరిద్రపు గెలుపు పగవాడికి కూడా వద్దు. నోటితో ఒకసారి కొట్టింది చాలక, ఇప్పుడు బేకరీవాడి చేత కూడా కొట్టించాడు. సంచిలో చెయ్యి పెట్టి రెండో డబ్బా తీశాడు.

"అక్కా, అవి కొన్నవి. నేను చేసినవి ఇవి."

అక్క మూత తీసింది. ఒక ఉండని బల్ల మీద తట్టింది. టక్కుమంది. బావ ఫక్కున నవ్వబోయి కూతురు చూసిన చూపుకి దగ్గులోకి మార్చుకున్నాడు. అక్క కష్టపడి కొరికింది.

"ఏం పోశావ్?"

"నారింజరసం."

"క్రీము?"

"థిన్నర్ అనుకుని మానేశాను."

అక్క పెదవి వణికింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఆ డబ్బా పట్టుకుని, "ఇలా రా" అని వంటింట్లోకి నడిచింది. వంటింట్లో ఒక మూల దుప్పటి కప్పుకుని ఓవెన్, దానిమీద ఇస్త్రీపెట్టె. ఆయన అటు చూడలేకపోయాడు.

అక్క ఉండలన్నీ ఒకే గిన్నెలో చిదిమింది. నారింజా అనాసా స్ట్రాబెర్రీ అన్నీ కలిసిపోయాయి. క్రీము పొయ్యి మీద పెట్టి, పొంగు రాగానే గిన్నె మీదికి వంచబోయింది. ఆయన గభాల్న చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా, తడి తగిలే ఇలా చచ్చింది."

"కొంచెం తగిలింది, అందుకు బిగుసుకుంది. ఇప్పుడు నిండా పొయ్యాలి" అంది అక్క. వేడి క్రీము మొత్తం పోసేసి, ఓపిగ్గా కలపసాగింది. ముందు ముద్దలు ముద్దలుగా విరిగినట్టయింది. తర్వాత మెల్లగా వదులయింది. కాసేపటికి రవ్వ అన్నదే లేకుండా నున్నగా మెరిసింది. రంగులాయన నోరు తెరుచుకుని చూశాడు. నోరు తెరిచినా మాట రాకపోవడం ఆయనకదే మొదటిసారి.

"ఆ ఫోన్లో నువ్వు చేసిందీ ఇదే" అంది అక్క గిన్నెలోకే చూస్తూ. "సరదాకన్నావుట. నాకు బాధేసుంటే సారీట. ఒక చెంచాడు పోసి ఊరుకున్నావు."

"బాధేసుంటే కాదక్కా. నీకు బాధేసింది. వేస్తుందని తెలిసే అన్నాను. వాళ్ళందరూ నవ్వుతుంటే నాకు గొప్పగా అనిపించింది. నీ కేకు రెండు ముక్కలు తిన్నాను, బాగుంది కాబట్టే తిన్నాను. నువ్వు మాట్లాడకపోతే నాకు ఏమీ బాగాలేదు."

గరిటె ఆగలేదు. "పదిమందిలో అన్నావు. వంటింట్లో చెప్తున్నావు" అంది అక్క.

ఆయన హాల్లోకి నడిచాడు. పక్కింటావిడకీ, బావకీ, మేనకోడలికీ ఎదురుగా నిలబడి, లోపల చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. ఎక్కడా నవ్వించలేదు. "పగిలింది కేకు పైన మాత్రమే. చేతకానిది నాకు, మా అక్కకి కాదు" అని ముగించి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పక్కింటావిడ చీర కొంగు సవరించుకుంది. ఆరోజు తనూ నవ్వానని నెమ్మదిగా అంది.

వంటింట్లో ఏదో బరువు దింపిన చప్పుడయింది. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఇస్త్రీపెట్టె నేల మీద ఉంది. అక్క దుప్పటి మడతపెడుతోంది.

"ఆవిడకి చెప్పు, ఓవెన్ ఇవ్వడం లేదని" అంది. చాక్లెట్ అంతా పళ్ళెంలోకి వంచి, అడుగున మాత్రం దండిగా వదిలేసిన గిన్నెని తమ్ముడి చేతుల్లో పెట్టింది. "నాకెయ్యరా. ఆ నోటికి ఏదో ఒక పని ఉండాలి."