కుడి చక్రం

అక్క నడుము వెనక ఒక దిండు, పక్కన ఇంకో దిండు, మోకాళ్ళ కింద చుట్ట చుట్టిన దుప్పటి సర్ది, చివరికి ఆమె ఎడమ చేతిని కిటికీ మీదున్న గుడ్డ పట్టీలోకి దూర్చాడు తమ్ముడు, టాక్సీ డ్రైవరు. ఆ పట్టీ అక్క కుట్టినదే. కారుకున్న ప్లాస్టిక్ పిడి చేతిని ఒరుస్తోందని, కుట్టుపనిలో మిగిలిన రంగు రంగుల ముక్కలు పొరలుగా వేసి, లోపల దూది పెట్టి, పిడికి బిగించి కుట్టుకుంది. అప్పటికింకా ఆమె మిషను ముందు కూర్చోగలిగేది.

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నాన్లేరా. గాజు సామాను సర్దినట్టు ఎంతసేపు సర్దుతావు? పోనీ."

అక్క అన్నది వేళాకోళానికే గానీ, నిజానికి ఆమె ఇప్పుడు గాజు సామానే. జబ్బు వెన్నుపూసల్లోకి పాకింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పట్టి, ఎముక చెదలు తిన్న కర్రలా అయిందనీ, ఒక్క గట్టి కుదుపు చాలుననీ చెప్పాడు. నొప్పి తగ్గాలంటే కరెంటు, అదే రేడియేషను, పెట్టించాలి. కరెంటు పెట్టే ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. మధ్యలో ఉన్నదాన్ని రోడ్డు అనడానికి నోరు రాదు. గుంటల మధ్య అక్కడక్కడా కాస్త రోడ్డు ఉంటుంది, అంతే.

మొదటిసారి అంబులెన్సులో తీసుకెళ్ళారు. దానికి ప్రాణం కాపాడే తొందరే గానీ నడుము మీద ధ్యాస లేదు. దారి పొడుగునా అక్క అరిచిన అరుపులు తలుచుకుంటే డ్రైవరుకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు నుంచి ఆమెను తన కారు తప్ప మరో బండి ఎక్కించలేదు.

టాక్సీ స్టాండులో అతన్ని తాబేలు అంటారు. కడుపులో చల్ల కదలకుండా దింపుతాడు గానీ దిగేసరికి రైలు వెళ్ళిపోయి ఉంటుందని తోటి డ్రైవర్ల హాస్యం. అతను నవ్వి ఊరుకునేవాడు. అమ్మా నాన్నా పోయేనాటికి అతనికి బూట్ల లేసు కట్టుకోవడం కూడా రాదు. అక్క మిషను తొక్కి పెంచింది. సంబంధాలు వచ్చినప్పుడల్లా "వీణ్ణెవరు చూస్తారు?" అని తిప్పి పంపింది. ఇతనికి సంబంధాలు వచ్చే వేళకి "అక్కనెవరు చూస్తారు?" అని ఇతనూ అదే పాట పాడాడు. అలా ఒకరికొకరు సాకై, రెండు గదుల ఇంట్లో ఇద్దరికీ జుట్టు నెరిసింది. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు.

వీధి మలుపు తిరిగారో లేదో, కుడి ముందు చక్రం దగ్గర ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. టక్కు, టక్కు, ఆ తర్వాత ఇనుము ఇనుముతో రాసుకున్న కీచు.  మొన్ననేగా షాక్ అబ్జార్బరు మార్చింది. దానికి ముందు బుష్షులు. ఆ ముందు లింకు రాడ్డు, అంతకు ముందు మళ్ళీ బుష్షులే. మార్చిన భాగం అరగకముందే పక్క భాగం పోతుంది, దాన్ని బాగు చేయించేలోగా ఇది మళ్ళీ మొదటికొస్తుంది. తల ప్రాణం తోకకొస్తోంది.

"మళ్ళీ ఆ చక్రమేనా?" అంది అక్క కళ్ళు మూసుకునే.

"ఏం లేదులే. మేస్త్రికి ఒకసారి చూపించి పోదాం."

మేస్త్రి షెడ్డు దారిలోనే ఉంది. పొట్ట నిండా గ్రీజు మరకలతో ఉండే ఆ మనిషి నోరు పెద్దది, మనసు మెత్తన. కారును చూడగానే తల పట్టుకున్నాడు.

"వచ్చావా తాబేలూ? నాకు వేరే బేరాలు వద్దని రాసిపెట్టి ఉన్నట్టుంది." వెనక అక్కను చూసి గొంతు తగ్గించాడు. "మీరు దిగకండక్కా. నేనే ఎక్కి వింటాను."

ముందు సీట్లో కూర్చుని, ఆ మూల దాకా పోనిమ్మన్నాడు. డ్రైవరు పోనిచ్చాడు. మేస్త్రి చెవి కిటికీ వైపు పెట్టి, కళ్ళు మాత్రం రోడ్డు మీద ఉంచాడు. కొంత దూరం వెళ్ళాక ఆపమన్నాడు.

"ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"గుంట ఎడమ పక్కనుంది. ఊరికే తిన్నగా పోతే నీ కుడి చక్రానికి అసలు తగలదు. నువ్వు పనిగట్టుకుని బండి తిప్పి, కుడి చక్రం అందులో వేశావు. దాని తర్వాతి గుంటా అంతే. నేను పార్టులు నకిలీవని ఆ కొట్టువాడితో కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళాను కదయ్యా. ఎడమ పక్కేమో కంపెనీలో వేసినవి వేసినట్టే ఉన్నాయి. నీకేం పోయేకాలం?"

డ్రైవరు అద్దంలోకి చూశాడు. ఆ అద్దం ఎప్పుడూ ఎడమ వైపుకే తిప్పి ఉంటుంది, అక్క ముఖం కనిపించేలా. మేస్త్రి కూడా అద్దంలోకి చూసి, ఎడమ సీట్లో దిండ్ల మధ్య కూర్చున్న మనిషిని చూసి, నోరు మూసుకున్నాడు. 

షెడ్డుకి తిరిగొచ్చాక మేస్త్రి బండి కిందికి దూరి, చక్రాన్ని చేత్తో ఊపి చూసి, బయటికొచ్చాడు. డ్రైవర్ని పక్కకి పిలిచాడు.

"బాల్ జాయింటు. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది ఆ ఇనప గుండే. ఊడటానికి సిద్ధంగా ఉంది. కుడి చక్రం ఇంకొక్క గుంటలో గట్టిగా పడిందంటే చక్రం పక్కకి పడుకుంటుంది, బండి నేల మీద కూర్చుంటుంది. సామాను తెప్పించేసరికి సాయంత్రం అవుతుంది. నన్నడిగితే కదపొద్దంటాను."

"ఇవాళ తప్పితే ఆసుపత్రిలో మిషను మరమ్మతుకి పోతుంది మేస్త్రీ. రాత్రి నుంచి నొప్పికి పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. మళ్ళీ మిషను వచ్చేదాకా ఆగలేదు."

"అయితే ఎడమ చక్రం వేసుకుంటూ పో."

"ఎడమ పక్క అక్క ఉంది."

ఆ మాట అన్నాక డ్రైవరు పాత టైర్ల కుప్ప మీద కూలబడ్డాడు. కుడి పక్క వేస్తే చక్రం పోతుంది, నడిరోడ్డు మీద బండి కుప్పకూలుతుంది. ఎడమ పక్క వేస్తే ఆ కుదుపు నేరుగా అక్క వెన్నులోకి పోతుంది. ఒక్క గుంటా తగలకుండా పోవడం ఆ రోడ్డు మీద దేవుడి వల్ల కూడా కాదు. జీవితమంతా స్టీరింగు పట్టుకున్నవాడు, ఎటు తిప్పాలో తెలియక అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"ఒరేయ్, ఇటు రా" అని పిలిచింది అక్క కార్లోంచి.

ముఖం తుడుచుకుని వెళ్ళాడు.

"అన్నీ వినపడ్డాయి. మేస్త్రి గొంతు గుసగుసకి లొంగేది కాదు. నన్ను ఇటు నుంచి అటు జరపండి. నీ వెనక కూర్చుంటాను. గుంటలన్నీ ఎడమ చక్రానికి తినిపించు."

మేస్త్రి, డ్రైవరు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అంత చిన్న సంగతి తమ బుర్రలకి తట్టనందుకు మేస్త్రి సిగ్గుతో నవ్వాడు. డ్రైవరుకి నవ్వు రాలేదు. ఇద్దరూ దుప్పటి అంచులు పట్టుకుని, అంగుళం అంగుళం చొప్పున ఆమెను కుడి సీటులోకి లాగారు. దిండ్లూ మారాయి. పట్టీ మాత్రం పిడికి బిగించి కుట్టినది కాబట్టి ఎడమ కిటికీ మీదే ఉండిపోయింది.

"దేన్ని పట్టుకుంటావు?"

"నువ్వున్నావుగా" అంది. సీటుకీ తలుపుకీ మధ్య సందులోంచి చెయ్యి చాపి అతని చొక్కా చేతిని పట్టుకుంది.

అద్దం కుడికి తిప్పబోతే వద్దంది. "రోడ్డు చూడు. నా ముఖం ఎన్నేళ్ళుగానో చూస్తున్నావు, ఇందులో కొత్తేం లేదు."

బండి కదిలింది. గుంట వచ్చినప్పుడల్లా డ్రైవరు చేతులు పాత అలవాటుకి ఎడమకి మళ్ళబోయేవి. బలవంతాన కుడికి తిప్పేవాడు. ఎడమ చక్రం దిగి లేచేది. చొక్కా చెయ్యి బిగుసుకునేది, తర్వాత వదులయ్యేది. దాన్ని బట్టి అక్కకి ఎంత తగిలిందో అతనికి తెలిసేది. కుడి చక్రం టక్కుమన్నప్పుడల్లా బండిని ఇంకా నెమ్మది చేసేవాడు. ఎలాగో చేరారు.

ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. అక్కకి ఊపిరి సరిగా అందడం లేదని నర్సు డాక్టర్ని పిలిచింది. డాక్టరు చూసి డ్రైవర్ని బయటికి తీసుకొచ్చాడు. "ఇక తిప్పకండి. ఇంట్లో ఉంచుకోండి. దగ్గర ఉండండి" అన్నాడు. డ్రైవరు తల ఊపాడు. ఇక్కడే ఉంచితే ఏమైనా ఉపయోగమా అని అడిగాడు. లేదన్నాడు డాక్టరు, మెత్తగా.

తిరుగు దారిలో అక్క వంతెన కనిపించే వేళకి, "నువ్వు గుంటలన్నీ నీ పక్కకి లాక్కుంటున్నావని నాకు మొదటి నుంచీ తెలుసురా" అంది.

"ఎలా?"

"మిషను తొక్కినదాన్ని. చక్రం ఎటు పోతోందో నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

 "చెప్తే మానేస్తావని. నొప్పంటే భయంరా నాకు. నీ బండి పాడవుతోందని తెలిసీ ఊరుకున్నాను."

 "బండిదేముంది" అన్నాడు.

"నా తర్వాత నీకు ఉండేది అదేగా. ఇవాళ ఆ చక్రానికి సెలవివ్వు." చొక్కా చేతిని ఒకసారి మెల్లగా లాగి, "కాస్త నిద్రొస్తోంది" అంది.

వంతెన దిగేచోట ఒక పెద్ద గుంట ఉంది. తప్పించుకోవడానికి చోటు లేదు. డ్రైవరు బండిని దాదాపు ఆపేసి, ఊపిరి బిగబట్టి, ఎడమ చక్రాన్ని అందులోకి దింపాడు. బండి ఒరిగింది, లేచింది. చొక్కా చెయ్యి బిగుసుకోలేదు.

తర్వాతి గుంటకీ బిగుసుకోలేదు.

వేళ్ళు మాత్రం గుడ్డలో చిక్కుకునే ఉన్నాయి. అతను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ చెయ్యి జారిపోతుందని భయం. అక్కా అని పిలవలేదు, పిలిస్తే జవాబు రాదని. ఆసుపత్రికి తిప్పనూ లేదు. వెనక నుంచి హారన్లు మోగాయి. ఎవరో పక్కగా వస్తూ బండి తోలడం రాకపోతే ఇంట్లో కూర్చోమని తిట్టి వెళ్ళారు. కన్నీళ్ళకి రోడ్డు చెదిరిపోతోంది. అయినా ప్రతి గుంటనూ కనిపెట్టి, ప్రతి దాన్నీ ఎడమ చక్రం కిందికే తెచ్చి, ఇంతకుముందుకన్నా మెల్లగా నడిపాడు.

షెడ్డు దగ్గర మేస్త్రి కొత్త బాల్ జాయింటు అట్టపెట్టె పట్టుకుని రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. సామాను ముందే దొరికిందని దూరం నుంచే చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చి వెనక కిటికీలోంచి చూశాక ఆ చెయ్యి దిగిపోయింది. పెట్టెను చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"చక్రం ఊడలేదు మేస్త్రీ" అన్నాడు డ్రైవరు, స్టీరింగు వదలకుండా.

మేస్త్రి తలుపు తీసి, అక్క వేళ్ళను అతని చొక్కాలోంచి ఒక్కొక్కటిగా విడదీశాడు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. ఆ అదురుకి ఎడమ కిటికీ మీద, రంగు ముక్కలతో కుట్టిన పట్టీ ఊగుతూ ఉంది.