శేషవస్త్రం కొస

నేను ఒక ఇసుక బండిని. కారు నన్ను చూసి బైకు అనుకుంటుంది, బైకు నన్ను చూసి కారు అనుకుంటుంది. నాలుగు లావుపాటి చక్రాలు, గుర్రం మీద కూర్చున్నట్టు చెరోపక్క కాలు వేసి కూర్చునే పొడవాటి సీటు, ముందు హ్యాండిలు. ఇంతే నేను. కాగితాల్లో నా పేరు ఏటీవీ. ఎలాంటి నేల మీదనైనా నడిచే బండి అని దానికి అర్థం చెబుతారు. ఆ పేరు పెట్టినవారు ముత్తెంపాలెం ఒడ్డున ఇసుక చూసి ఉండరు.

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో నా ఇనుప గొట్టాలు అతికారు. నాతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. ఏం చేయాలో, ఏం చేయకూడదో అందులో బొమ్మలు వేసి చెప్పారు. బొమ్మలోని మనిషి హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు వేసుకుని నాకంటే బరువుగా కనిపించాడు. చీర కట్టిన మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. పంచె కట్టిన మనిషీ లేడు. మమ్మల్ని ఎవరు ఎక్కుతారో మమ్మల్ని చేసినవారికి తెలియదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మొదట నన్ను ఒక జీడితోట ఆసామి కొన్నాడు. తోట చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడోసారి తేనెపట్టు కిందకు తీసుకెళ్లాడు. ఆ తర్వాత నా జోలికి రాలేదు. రెండేళ్లు నా సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టాయి. కోళ్లకు నిబంధనలు లేవు, అయినా ఒక్కటీ పడలేదు.

అక్కడి నుంచి నన్ను ముత్తెంపాలెం తెచ్చుకున్నది మైలపల్లి పరదేశమ్మ. ఆమె భర్త గుజరాత్ వైపు పెద్ద బోట్ల మీద వేటకు పోతాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంటికి రాడు. నేను రాకముందు ఆమె తలమీద చేపల గంప పెట్టుకుని ఊళ్లు తిరిగేది. మెడ నరం పట్టేసి, ఇక బరువు ఎత్తవద్దని డాక్టరు చెప్పాక, ఒడ్డుకు వచ్చే యాత్రికులను వెనక కూర్చోబెట్టుకుని తిప్పడానికి నన్ను కొన్నది. పదిహేను రోజుల్లో నేర్చుకుంది. నన్ను మెత్తటి ఇసుకలో ఎక్కడ వదలాలో, తడి ఇసుకలో ఎక్కడ పట్టాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆమె చీర గోచీ పోసి కట్టుకునేది. కుచ్చెళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి నడుములో బిగించేది. కొంగు నడుము చుట్టూ తిప్పి దోపేది. వల లాగే ఇంటి ఆడవాళ్లు కట్టుకునే తీరు అది. గాలి ఎంత వీచినా ఒక్క అంగుళం ఎగరదు. హెల్మెట్‌కు నుదుటి దగ్గర రోజూ కుంకుమ బొట్టు పెట్టేది. దసరాకు నాకు పూజ చేసి, అమ్మవారి గుడిలో ఇచ్చిన ఎర్రగుడ్డ నా హ్యాండిలుకు కట్టేది. నా వెనక మరో ఎర్రటిది ఉండేది, మూరెడు తాడు. దాన్ని లాగితే ఇంజను టక్కున ఆగిపోతుంది. పొద్దున్నే నన్ను ఒడ్డుకు తెచ్చాక ఆమె ముందు ఆ తాడు లాగి చూసి, ఆ తర్వాతే దండం పెట్టుకునేది. ఆ వరస నాకు నచ్చేది.

ఒక వేసవిలో వేరే బండి ఎక్కిన యాత్రికురాలి పైటకొంగు వెనక చక్రపు ఇరుసుకు చుట్టుకుంది. ఆవిడ కిందపడి భుజం జారింది. పాపం, చాలా బాధపడింది. ఆ వారంలోనే ఒడ్డు మీద బోర్డు లేచింది. హెల్మెట్ ఉండాలి, పిల్లలు నడపరాదు, ఇద్దరికి మించరాదు. అన్నీ మంచి మాటలే. చివరి వరస మాత్రం ఇలా ఉంది: చీర కట్టినవారు బండి నడపరాదు, ఎక్కరాదు. నడిపేవారికి అనుమతిగా ఇచ్చే పసుపురంగు బిళ్లలు కార్తీక పున్నమి రోజున కొత్తగా ఇస్తామని, అప్పటిదాకా పాతవి చెల్లుతాయని కూడా రాశారు.

పున్నమి రోజు సముద్రస్నానాల జనం. బిళ్లలు ఇచ్చే అధికారి లక్ష్మణమూర్తి గారు స్నానం చేసి, గుడికి వెళ్లి, ప్యాంటు చొక్కా మీద స్వామివారి శేషవస్త్రం మెడలో వేసుకుని వచ్చారు. స్వామికి కట్టి తీసిన ఆ పట్టుగుడ్డను అర్చకులే కప్పారట. జరీ అంచు, రెండు కొసలూ మోకాళ్ల దాకా. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. మంచి మనిషి. లంచం అడగడు, గొంతు పెంచడు.

"అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. నిబంధన అందరికీ ఒకటే," అన్నారు.

"అందరికీ ఒకటే అంటే ఎలగ బావూ? అందరూ సీర కట్టరు గదా," అంది పరదేశమ్మ.

"ప్యాంటు వేసుకురా. రేపే బిళ్ల ఇస్తాను."

"మా అత్త, మా అమ్మ, అందరూ ఈ కట్టుతోనే సముద్రంలో నడుముదాకా దిగి వల లాగినారు. అలే లాగనేకపోయింది. ఇది సక్రానికి అందుతాదేటి? సూడండి." ఆమె ఒకసారి గిర్రున తిరిగి చూపించింది. ఏదీ ఎగరలేదు.

"చూశానమ్మా. కానీ బోర్డు మీద చీర అనే ఉంది. నేనేం చేయను?"

అప్పుడు ఆమె మరిది అసిరయ్య ముందుకొచ్చాడు. బిగుతు జీన్సు ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. నన్ను ఇసుకదిబ్బల మీద నుంచి ఎగరేయడం అతనికి సరదా. నా ముందు రేకు వంగింది అతని చలవే.

"బిళ్ల నాకిచ్చీండి సార్. వొదిన ఇంటికాడ వంట సేసుకుంటాది."

"నువ్వు దిబ్బల మీదికి ఎక్కించకుండా ఒక్క పూట తోలగలవేటిరా?"

"బోర్డు మీద దిబ్బల మాట నేదు వొదినా."

నిజంగానే లేదు. బోర్డు లెక్క ప్రకారం అతను ఒడ్డుమీద అందరికంటే క్షేమమైన మనిషి. లక్ష్మణమూర్తి గారు బిళ్ల చేత్తో పట్టుకుని, ఒక చుట్టు తిప్పి చూపిస్తే ఇస్తానని అసిరయ్యతో అన్నారు. పరదేశమ్మ మెడ వెనక నరం మీద అరచేయి పెట్టుకుని నిలబడింది. ఆ బిళ్ల పోతే మళ్లీ గంపే.

అధికారి నా వెనక సీటులో కూర్చోగానే ఆమె కళ్లు కిందికి పోయాయి.

"బావూ, ఆ గుడ్డ తీసీండి. లేదా లోపలికి దోపీండి."

"ఇది స్వామివారి వస్త్రమమ్మా," అన్నారాయన చిరునవ్వుతో. "దీనివల్ల ఏమీ కాదు."

అసిరయ్య నన్ను ఒక్కసారి ముందుకు దూకించాడు. గాలికి శేషవస్త్రం కొస ఎగిరి, వెనక్కి వంగి, నా ఇరుసు మీద వాలింది. నా తప్పేమీ లేదని చెప్పను. తిరిగే ఇరుసుకు ఏది తగిలితే అది చుట్టుకుంటుంది. దానికి భక్తి తెలియదు, చీర తెలియదు. రెండు చుట్లు పడేసరికి లక్ష్మణమూర్తి గారు వెనక్కి వాలారు, మెడ బిగిసింది. అసిరయ్యకు వెనక ఏం జరుగుతోందో తెలియదు. అతను దిబ్బ వైపు చూస్తున్నాడు.

పరుగెత్తింది పరదేశమ్మ. గోచీ కట్టుతో, ఇసుకలో, పది అడుగులు. నా ఎర్ర తాడు అందుకుని లాగింది. నేను ఆగిపోయాను. ఆగడంలో అంత సుఖం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

గుడ్డ బిగిసిపోయి రావడం లేదు. చేపలు కోసే చాకు ఎవరో అందించారు. అంత గొంతు బిగిసిన స్థితిలోనూ ఆయన చేయి అడ్డం పెట్టారు. "కోయకు... స్వామివారిది..."

"సామికి మీరు గావాలా, గుడ్డ గావాలా బావూ? ఆయన్ని నేనడిగీసినాను, కోసీమన్నాడు." అంటూనే కోసేసింది.

ఆయన ఇసుకలో కూర్చుని చాలాసేపు దగ్గారు. కొబ్బరినీళ్లు తాగారు. అసిరయ్య కళ్లద్దాలు తీసి, "నేను పేంటే ఏసుకున్నాను గదా సార్," అన్నాడు.

మెడలో మిగిలిన ముక్కను కళ్లకద్దుకుని మడిచి, లక్ష్మణమూర్తి గారు జేబులో పెట్టుకున్నారు. "చీర అని రాసింది నేనే," అన్నారు నెమ్మదిగా. "ఆ రోజు పడింది చీర కట్టినావిడ. అందుకని రాశాను. ఇప్పుడు శేషవస్త్రం అని కూడా రాయాలేమో."

"రాసుకుంటా పోతే బోర్డు సాలదు బావూ. ఏ గుడ్డని కాదు, కొస ఎక్కడుందని సూడండి."

ఆయన లేచి, పెయింటు తెప్పించి, చివరి వరస స్వయంగా చెరిపారు. దిబ్బల మీదికి ఎక్కించరాదని ఒకటి, వేలాడే కొస ఏదీ ఉండరాదు, ఎవరికైనా సరే, అని మరొకటి రాశారు. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా హ్యాండిలుకు అమ్మవారి ఎర్రగుడ్డ మూరెడు కిందికి వేలాడుతోంది.

పరదేశమ్మ ముఖం చిన్నబోయింది. "అది అమ్మోరిది బావూ."

"నాది స్వామివారిదమ్మా."

ఆమె ముడి విప్పింది. గుడ్డ కళ్లకద్దుకుని, "కోపగించుకోకు తల్లీ, బోర్డు అందరికీ ఒకటేనట," అని చెప్పి, మడిచి సీటు కింద పెట్టెలో పెట్టింది. అమ్మవారికి కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆరేళ్లలో నా మీద నుంచి ఎవరూ పడలేదు.

"మరి ఈ తాడో?" అంది ఆమె, నా వెనక ఎర్ర తాడు చూపించి. "ఇదీ వేలాడతాది."

ఆయన ఈసారి పైకే నవ్వేశారు. ఆపే తాడు తప్ప, అని బోర్డు మీద ఇంకో మూడు మాటలు చేర్చి, పసుపు బిళ్ల ఆమె చేతిలో పెట్టారు.

ఇప్పుడు నేను రోడ్డు పక్క పాత ఇనుము కొట్టులో ఉన్నాను. ఉప్పుగాలి నా గొట్టాలను తినేసింది. అమ్మేరోజు పరదేశమ్మ నా ఎర్ర తాడు విప్పి కొత్త బండికి తీసుకుపోయింది. నాకేమీ బాధ లేదు. ఇక నేను ఆగవలసిన పని లేదు కదా.

నిన్న కొట్టతను నా ఇరుసు విప్పుతుంటే, మడ్డి మధ్య నుంచి జానెడు పట్టుపీలిక బయటపడింది. అంత నూనెలోనూ జరీ మెరిసింది. అతను భక్తిపరుడు. తుడిచి, కళ్లకద్దుకుని, ఎంతో ప్రేమగా తన బైకు వెనక చక్రం పక్కన కమ్మీకి కట్టుకున్నాడు. కొస వదులుగా ఊగుతోంది. నాకు నోరు లేదు, ఇక్కడ పరదేశమ్మ లేదు. మీరెవరైనా ఆ దారిన పోతుంటే, అతని భక్తిని ఏమీ అనకండి. ఆ కొస మాత్రం కాస్త లోపలికి దోపమని చెప్పండి.