కోటగడ్డకు కొత్తవాళ్లు కావలెను

శ్రావణ్‌కుమార్ ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం మోగుతుంది. విమానాశ్రయం కార్గో షెడ్డులో ఎంత పని మీదున్నా సరే, బయటికొచ్చి ఒక మీట నొక్కి వెళతాడు. అది నొక్కితే ఇంటర్నెట్ ఆటల జాబితాలో కోటగడ్డ పేరు మళ్లీ పైకి లేస్తుంది. నొక్కకపోతే మూడొందల పేర్ల కింద మునిగిపోతుంది.

"మల్ల మీ ఊరికి జనాన్ని బస్సెక్కిస్తున్నవా అన్నా?" అని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే శివయ్య నవ్వాడు. "ఉన్న ఊర్ల ఓటు లేదు నీకు. లేని ఊరికి సర్పంచ్‌వి."

కోటగడ్డ నిజంగానే లేని ఊరు. ఫోన్‌లో వాయిస్ గదులుగా ఉంటుంది. చౌరస్తా, బస్టాండు, పోలీస్ స్టేషన్, దవాఖాన. చేరినవాళ్లు తలా ఒక పాత్ర కట్టుకుని ఆ గదుల్లో మాటలతోనే బతుకుతారు. కొత్తవాళ్లను రప్పించడం శ్రావణ్ పని, ఊళ్లో అతన్ని మున్షీ అంటారు. రీల్స్ చేస్తాడు. ఇలాంటి వేరే ఊళ్ల పెద్దలతో మీ ప్రకటన మా దగ్గర, మా ప్రకటన మీ దగ్గర అని ఒప్పందాలు కుదుర్చుకుంటాడు. చేరేవాళ్లు రాసి పంపిన పాత్ర కథలు చదివి పదికి మార్కులు వేస్తాడు.

ఆ ఊరికి ఒకటే చట్టం, రాసిందీ అతనే. గదిలో అడుగుపెట్టాక సొంత బతుకు మాట ఎత్తకూడదు. ఎత్తినవాడికి మూడు రోజులు వెలి. అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరికీ ఎవరివీ తెలియవు. 'మా ఊళ్లో ఎవరూ నటన ఆపరు' అని ప్రతి ప్రకటనలో పెద్దక్షరాలతో వేసేవాడు. జనం దానికే వచ్చేవారు.

ఆ శనివారం మధ్యాహ్నం అతని కాళ్లు నేల మీద లేవు. ముందురోజు పెట్టిన క్లిప్‌ను నలభై వేల మంది చూశారు. దవాఖాన గదిలో డాక్టర్ వకుళ అనే పాత్ర ముందుకు భైరవ అనే కొత్త రోగి వస్తాడు. "నొప్పి ఎక్కడ?" అంటుంది ఆమె. "నువ్వు లేని కాడ," అంటాడతను. తర్వాత పది సెకన్లు ఏ మాటా ఉండదు. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తుంది, తలుపు సందులో వేలు నలిగిన పిల్ల ఏడుపు ఆపుకున్నట్టు. దాని కింద శ్రావణ్ రాశాడు: 'ఇంత నటన ఎక్కడైనా విన్నారా? మా ఊరికి రండి.'

మూడొందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. కోటగడ్డ యాప్‌లోనే డాక్టర్ వకుళ నుంచి కాల్ కూడా వచ్చింది.

"అన్నా, ఆ క్లిప్ తీసెయ్యి."

"ఏంది డాక్టరమ్మా, గింత పేరొస్తుంటే? రేపు ఆదివారం దాక ఉండనియ్యి. ఐదొందలు దాటుతయి."

"అది నటన గాదు."

శ్రావణ్ నవ్వబోయి ఆగాడు.

"నా పేరు రేఖ. ఆ వచ్చినోడు నా మొగుడు వీరేందర్. రెండేండ్లాయె, వానికి దొరకకుండ బతుకుతున్న. నా ఎడమ చెవి వాడే పలగ్గొట్టిండు. మీ ఊర్లనే కదా జర నోరు తెరిచి మాట్లాడేది అనుకున్న. పోయిన నెల నువ్వు పెట్టిన ఇంకో రీల్‌ల నా గొంతు విని వచ్చిండు."

"మరి అప్పుడే చెప్పాలె గదా అక్కా."

"ఎట్ల చెప్తనే? చెప్తే వెలి. వెలి వేస్తే వాడు ఏం చేస్తుండో నాకెట్ల తెలుస్తది?"

ఆమె చెప్పిందాంట్లో సగం నమ్మాడు శ్రావణ్. మిగతా సగం అతనికి గొప్ప సన్నివేశంలా వినిపించింది. నాలుగేళ్లుగా ఏడుపులు, శాపనార్థాలు, చావులు విని విని మార్కులు వేసిన చెవులవి.

"ఒక్క రోజు ఓపిక పట్టు. రేపు రాత్రి తీసేస్త, నీ మీదొట్టు."

"నువ్వు గూడ గంతేనా," అంది ఆమె. లైన్ తెగింది. అతను మళ్లీ కాల్ చేశాడు. పోలేదు. ఆమె అతన్ని బ్లాక్ చేసింది.

మనసు ఊరుకోక భైరవ దరఖాస్తు తెరిచాడు. వారం కిందట చదివిందే. 'వృత్తి: లారీ డ్రైవర్. కోరిక: ఇల్లు విడిచిపోయిన భార్యను వెతికి పట్టడం. గుర్తు: ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఎందుకో ఆమెకే తెలుసు.' పక్కనే శ్రావణ్ సొంత రాత: 'కసి ఉన్న కథ. తొమ్మిది. మొదట దవాఖానకు పంపాలి, వకుళతో బాగా పండుతుంది.'

ఇద్దర్నీ ఎదురెదురు కూర్చోబెట్టింది తనే.

క్లిప్ తీసేయబోతూ దాని కింద కామెంట్లు చూశాడు. అన్నిటికన్నా పైన భైరవ పేరుంది. 'నటన కన్నా వెనకాల బండి అరుపు బాగుంది.' శ్రావణ్ చెవికి ఇయర్‌ఫోన్ నొక్కిపెట్టి మళ్లీ విన్నాడు. ఆమె ఊపిరి వెనక, చాలా సన్నగా, కూరగాయల ఆటో మైకు. "రాళ్లగూడ అక్కలకు మనవి, కిలో టమాట..." రాళ్లగూడ విమానాశ్రయం దగ్గరి బస్తీయే.

క్లిప్ తీసేశాడు. అప్పటికి దాన్ని ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు. భైరవ ఊళ్లో ఏ గదిలోనూ లేడు. నలభై నిమిషాల కిందట బయటికి పోయాడు.

పోలీసులకు ఫోన్ చేశాడు. ఇంటి నంబర్ అడిగారు. తెలియదన్నాడు. ఆమె ఫోన్ నంబర్ అడిగారు. అదీ తెలియదు. "ఆటల కలిసిన మనిషి సార్," అంటుంటే అతని గొంతు అతనికే పిచ్చివాడి గొంతులా వినిపించింది. అయినా రాళ్లగూడకు బండి పంపుతామన్నారు.

రేఖను చేరడానికి ఇక ఒకటే దారి. చౌరస్తా గదిలో నూట నలభై ఆరుగురు ఉన్నారు. వాళ్లలో డాక్టర్ వకుళ పేరుంది, మైకు ఆపేసి. మొగుడి జాడ కోసం వింటోంది కాబోలు.

శ్రావణ్ గదిలో దూరాడు.

"రేఖా, ఇల్లిడిచి బయటికి పో. వానికి రాళ్లగూడ తెలిసిపోయింది. ఇది ఆట గాదు. రాళ్లగూడల ఎవరన్న ఉంటే జర బయటికి రాండ్రి, ఒక ఆడమనిషి పానం మీదికొచ్చింది."

గదిలో ఎవడో ఈల వేశాడు. గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరద కట్టాయి. "మున్షీ అన్న ఇన్నాళ్లకు రంగంలకు దిగిండు," అన్నారు ఎవరో. "ఏడుపు గూడ కలుపన్నా," అన్నాడు ఇంకొకడు.

"ఒరే, నా పేరు శ్రావణ్. కార్గోల పని చేస్త. నిజం చెప్తున్న, మీ కాళ్లు మొక్కుత..."

"సొంత బతుకు మాట ఎత్తిండు," అంది సరిత. కోటగడ్డలో ఆమె ఎస్సై, చట్టం నిలబెట్టే పని ఆమెది. "మున్షీ అయినా మున్షీ తాత అయినా చట్టం ఒకటే. మూడు రోజులు వెలి."

అతని ముందు గది నల్లబడింది. రేఖ విన్నదో లేదో తెలియదు.

షెడ్డు తాళాలు శివయ్య చేతిలో పెట్టి బండి తీశాడు. రాళ్లగూడలో ఏ గల్లీలోకి పోవాలో తెలియక రెండు గల్లీలు ఊరికే తిరిగాడు. మూడో గల్లీ మొదట్లో జనం మూగి ఉన్నారు. పోలీసు బండి అప్పుడే వచ్చి ఆగింది. గేటు దగ్గర ఒక ముసలామె గోడకు ఆని కూర్చుని ఉంది. తలలోంచి కారిన రక్తం చీర కుచ్చెళ్ల దాకా తడిపింది. రేఖ అద్దెకుండే ఇంటామె భారతమ్మ అన్నారు. ఎవడో ఫొటో చూపించి ఇల్లిల్లూ అడుగుతూ వచ్చి రేఖ ఏదన్నాడట. ఆ పేరుగలామె లేదందట. తోసి లోపలికి పోబోతే గేటు పట్టుకుని వదల్లేదట. ఇటుకతో కొట్టి, లోపలంతా వెతికి, వెనక గోడ దూకి పోయాడు.

రేఖ గది తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద అన్నం అడుగంటుతోంది.

ఆమె సాయంత్రానికి పోలీస్ స్టేషన్‌కు తనే వచ్చింది. నూట నలభై ఆరుగురిలో ఆ మాట నమ్మింది ఆమె ఒక్కతే. వింటూనే మేడెక్కి పక్కింటి మీదుగా దిగి, మైలార్‌దేవ్‌పల్లి దాకా ఆటోలో పోయింది.

"గేటు పెట్టుకోమని భారతమ్మకు చెప్పకుంట ఉరికిన," అంది స్టేషన్ ఎస్సైతో. ఆ మాటే మూడుసార్లు చెప్పింది.

భారతమ్మ మూడో రోజు దవాఖానలో పోయింది. వీరేందర్ దొరకలేదు. అతని లారీ జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన దొరికింది, అందులో ఎవరూ లేరు.

మళ్లీ వాంగ్మూలానికి పిలిచినప్పుడు శ్రావణ్, రేఖ స్టేషన్ వరండాలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత జాగా ఉంది. అతని ఫోన్ మోగింది. సరిత సందేశం: 'నీ వెలి అయిపోయింది అన్నా. చౌరస్తాల నీ అరుపునే ప్రకటనగా పెట్టినం. నాలుగొందల ముప్పై దరఖాస్తులు. నువ్వే చదవాలె.' అక్కడ ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు.

దాచలేక ఫోన్ ఆమె వైపు తిప్పాడు. రేఖ చదివింది. కుడి చెవి అతని వైపు ఉండేలా తిరిగి కూర్చుంది.

"ఈ నాలుగొందల మందిల వాడు లేడని ఎట్ల చెప్తవ్?"

శ్రావణ్ 'చౌరస్తా బంద్ పెట్టు, నేను ఫోన్ చేసేదాక ఎవ్వర్నీ లోపలికి రానియ్యకు' అని సరితకు రాశాడు. తర్వాత మొదటి దరఖాస్తు తెరిచి, పాత్ర పేరు దగ్గర్నుంచి ఒక్కో అక్షరం ఆమెకు వినపడేలా చదవడం మొదలుపెట్టాడు.